గోగు మొక్కకు పడిన పేరు

గోంగూర అంటే ఏమిటో తెలుగువాళ్ళకు ఒకరు చెప్పాలా అని ఇన్నేళ్ళూ అనుకున్నాను. చెప్పాలి. మనవాళ్ళకు కట్ట తెలుసు, పచ్చడి తెలుసు, మటన్‌లో వేస్తే ఎలా ఉంటుందో తెలుసు. మొక్క తెలియదు. మూరెడు ఎత్తు రాగానే కోసి కట్ట కట్టి అమ్మేస్తారు కాబట్టి, కొయ్యకుండా వదిలేస్తే అది ఏమవుతుందో చూసినవాళ్ళు తక్కువ. మా విజయనగరం వైపు నార కోసం ఈ మొక్కనే గోగు అని వేసేవాళ్ళం గనక నేను చూశాను. మనిషిని దాటి పెరుగుతుంది. కింది ఆకు గుండ్రంగానే ఉంటుంది గాని, పైకి పోయేకొద్దీ చీలుతుంది. మూడు చీలికలు, ఆ తర్వాత ఐదు, అంచుల వెంట రంపపు పళ్ళు. దూరం నుంచి చూసినవాడికి మరో మొక్కలా కనిపిస్తుంది. ఏ మొక్కలాగో రాయడానికి ఇప్పటికీ చెయ్యి వెనకాడుతోంది. గంజాయి.

ఆ మొక్కను కూడా నేను ఎరుగుదును. నా చిన్నప్పుడు కొండ దిగువన ఒక రైతు పశువులశాల వెనక రెండు మొక్కలు ఉండేవి. ఎద్దు పారుడు పట్టి పడిపోతే ఆ ఆకు నూరి బెల్లంలో కలిపి పట్టేవాడు. దాని వాసన ఒకసారి ముక్కుకు ఎక్కిందంటే జన్మలో మరిచిపోరు. గోగుకు వాసన ఉండదు, నాలుక మీద పులుపు ఉంటుంది. ముక్కూ నాలుకా ఉన్నవాడికి ఈ రెండింటి తేడా చెప్పడానికి పరీక్షలూ పరిశోధనలూ అక్కర్లేదు. కానీ ఫోటోకు వాసన రాదు, పులుపూ ఉండదు. నా కర్మ అక్కడ కాలింది.

ఖతర్ నాకు కొత్త కాదు. వయసులో ఉండగా ఏసీ, ఫ్రిజ్ మెకానిక్‌గా వచ్చి, క్యాంపుల్లోనే సగం జీవితం గడిపి వెళ్ళినవాణ్ణి. నా చదువు ఐదో తరగతి. మిగతాదంతా రేడియోలో వ్యవసాయం కార్యక్రమాలు విని, పొట్లాలు కట్టొచ్చిన పేపరు ముక్కలు సైతం వదలకుండా చదివి సంపాదించుకున్నది. తిరిగి వెళ్ళి కూతురి పెళ్ళి చేస్తే, ఇంజినీరు అల్లుడికి ఉద్యోగం మళ్ళీ ఈ దేశంలోనే వచ్చింది. ఇప్పుడు అల్ వక్రాలో వాళ్ళ ఇంట్లో ఉంటున్నాను. ఒకప్పుడు ఇలాంటి ఇళ్ళకు వెనక గుమ్మం నుంచి వెళ్ళి, ఏసీ బాగుచేసి, వెనక గుమ్మం నుంచే బయటికి వచ్చేవాణ్ణి. ఇప్పుడు ఆ వెనక గుమ్మం బయట ఉన్న ఇసుక పెరడే నా రాజ్యం అయింది. ఇంట్లో మంచం వాళ్ళది, టీవీ వాళ్ళది, టైము కూడా వాళ్ళదే. పెరడు ఒక్కటే నాది.

వీధిలో ఎవరో పారేసిన ఫ్రిజ్‌ను తెచ్చి వెల్లకిలా పడుకోబెట్టాను. అడుగున బెజ్జాలు వేశాను. ఎరువు తయారీకి నర్సరీలో పనిచేసే ఒక శ్రీలంక ఆయన పెరుగు డబ్బాలో గుప్పెడు వానపాములు ఇచ్చాడు. మా వైపు వాటిని ఎర్రలు అంటాం. ఈ ఎండకు మామూలు తొట్టెలో అవి బతకవు. ఫ్రిజ్ గోడల్లోకి వేడి ఎక్కదని జీవితమంతా ఫ్రిజ్‌లు విప్పినవాణ్ణి, నాకు తెలుసు. తడిపిన అట్టముక్కలు, టీ పిప్పి, కూర తొక్కలు వాటికి మేత. నీళ్ళకు ఏసీ గొట్టంలోంచి కారేవి ఉండనే ఉన్నాయి. ఆ నీళ్ళు వృథాగా పోకుండా ఒక మొక్కకు అందుతుంటే చూడడానికి ఇంత వయసు రావాల్సి వచ్చింది.

"నాన్నా, ఫ్రిజ్‌లో ఎర్రలేంటి నాన్నా! ఎవరైనా వింటే ఏమనుకుంటారు?" అంది మా అమ్మాయి.

"నువ్వు పెరుగు పెట్టుకునే ఫ్రిజ్ కాదు కదమ్మా."

"అది చెప్పుకోవాలా మరి వచ్చినవాళ్ళకి!"

ఎరువుకు బలం ఒంటె పేడ. పాత క్యాంపులో నా పక్క మంచం మీద పడుకున్న తెలంగాణ మనిషి ఇప్పుడు అల్ షహానియాలో ఒంటెల దగ్గర ఉన్నాడు. వాళ్ళ యజమాని ఇటు పనిమీద పంపినప్పుడల్లా పికప్‌లో రెండు గోనెలు వేసుకుని వచ్చేవాడు. దించుతూ నవ్వేవాడు.

"మా ఊళ్ళె అందరు, నీకేందిరా దుబాయ్‌ల పెద్ద కొలువంటరన్నా. ఈడ జూస్తే నీ పురుగులకు పెంట మోస్తున్న."

ఆ పేడ పచ్చిగా వేస్తే లోపల వేడెక్కి ఎర్రలు చస్తాయి. ఎండబెట్టి, తడిపి, చల్లారాక కొద్దికొద్దిగా వెయ్యాలి. పచ్చి ఆకైనా అంతే. ఈ సంగతి ఇంట్లో ఒక్కరికైనా విడమరిచి చెప్పానా అంటే, లేదు. అడిగినవాళ్ళు లేరు, నాకూ తోచలేదు.

ఆ ఎరువుతో, కోసిన నీలం డ్రమ్ముల్లో గోంగూర వేశాను. ఎంత బాగా వచ్చిందంటే, గురువారం సాయంత్రం నాలుగు తెలుగు ఇళ్ళకు కట్టలు వెళ్ళేవి. అల్లుడు పచ్చడి కలుపుకుంటూ "మామయ్యగారూ, షాపులో కొనేదానికి దీనికీ పోలికే లేదండీ" అనేవాడు. ఆ మాట కోసం నేను వారమంతా ఎదురుచూసేవాణ్ణి. కూతురి ఇంట్లో తండ్రి తినే అన్నానికి అదొక్కటే నాకు జవాబుగా ఉండేది.

విత్తనం కోసం ఒక డ్రమ్ములో మొక్కల్ని కొయ్యకుండా వదిలేశాను. అవి గోడ దాటి ఎదిగాయి, పై ఆకులు చీలాయి. ఒక శుక్రవారం అల్లుడి ఆఫీసువాళ్ళు భోజనానికి వచ్చారు. వాళ్ళలో ఒకమ్మాయి "అంకుల్, సూపర్ గార్డెన్!" అంటూ ఫోటోలు తీసి ఇక్కడి తెలుగు కుటుంబాల గ్రూపులో పెట్టింది. పాపం, మెచ్చుకునే పెట్టింది. ఎవడో మహానుభావుడు దాని కింద రాశాడు: "అంకుల్ మంచి సరుకే పండిస్తున్నారు, మాకూ ఓ కట్ట." నవ్వుతున్న బొమ్మలు వరసగా పడ్డాయి. ఇంకొకరు "ఇది గోంగూరలా లేదే" అన్నారు. తర్వాత ఎవరూ ఏమీ అనలేదు. సాయంత్రానికి ఫోటో లేదు, కింద మాటలూ లేవు.

ఈ దేశంలో ఆ సరుకంటే జైలే, దాని పేరు మీద ఎవరూ ఎక్కువసేపు నవ్వరు. డిగ్రీలున్నవాళ్ళు, కోస్తావాళ్ళు, హైదరాబాదువాళ్ళు, అంతమంది ఉన్న గ్రూపులో ఒక్కడు, ఒక్కడంటే ఒక్కడు, "ఓరి పిచ్చివాళ్ళారా, అది ముదురు గోంగూర" అనలేకపోయాడు. నాకు ఇప్పటికీ మండేది అక్కడే.

అల్లుడు పెరట్లోకి వచ్చాడు. ఫోను చేతిలోనే ఉంది.

"మామయ్యగారూ, ఒక మాట అడుగుతాను, ఏమీ అనుకోకండి. ఇది గోంగూరేనా?"

"మధ్యాహ్నం మీరు తిన్నదే బాబూ."

"అది కాదండీ. ఈ పొడుగువి."

"అదీ ఇదీ ఒకటే. విత్తనానికి వదిలాను."

"ఆకు వేరేగా ఉంది కదా..."

నేను ఒక ఆకు తుంచి నమిలాను. ఇంకొకటి తుంచి ఆయన చేతిలో పెట్టాను. "నమలండి. పుల్లగా ఉంటే గోంగూర. కాకపోతే నన్ను తీసుకెళ్ళి ఫ్లైట్ ఎక్కించెయ్యండి."

ఆయన ఆ ఆకును అటు తిప్పాడు, ఇటు తిప్పాడు. నోటి దాకా తీసుకెళ్ళలేదు. కాసేపటికి దాన్ని జాగ్రత్తగా డ్రమ్ము అంచు మీద పెట్టాడు.

"నేను నమ్ముతానండీ. నేను నమ్మడం కాదు కదా ముఖ్యం. ఎవరైనా ఒక్క ఫోన్ కొడితే? అది గోంగూర అని తేలేలోపు నా డ్యూటీ ఏమవుతుంది, మన వీసాలేమవుతాయి? తీసేద్దాం మామయ్యగారూ."

"పూత పట్టేలా ఉంది. లేత పసుపు పువ్వు, మధ్యలో ముదురు ఎరుపు. ఒక్కటి విచ్చితే చాలు. దాని ఫోటో తీసి ఆ గ్రూపులోనే పెట్టండి. ఎవడు మాట్లాడతాడో చూద్దాం."

"పూసేదాకా ఎవరు ఆగుతారండీ?"

"మీరు నిక్కర్లు వేసుకునే రోజుల్లోనే ఈ ఎండలో పనిచేసినవాణ్ణి నేను. నాకు చెప్తారా ఈ దేశం సంగతి?"

ఆయన తల వంచుకుని లోపలికి వెళ్ళిపోయాడు. నా గొంతు ఇంకా నా చెవుల్లో మోగుతుండగానే నాకు పాత గదివాడొకడు గుర్తొచ్చాడు. సెలవుకు ఊరెళ్ళి వస్తూ, వాళ్ళమ్మ మసాలాలో వేసుకోమని కట్టిచ్చిన గసగసాలు తెచ్చాడు. మన వంటింటి గసగసాలు ఇక్కడ నేరమని అతనికీ తెలియదు, ఆమెకీ తెలియదు. విమానాశ్రయం నుంచి గదికి రాలేదు. మంచం కింద అతని ట్రంకుపెట్టె చాలాకాలం అలాగే ఉంది. ఊడుస్తూ పక్కకు జరిపేవాళ్ళం, మళ్ళీ అక్కడే పెట్టేవాళ్ళం. అల్లుడి భయం ఏమిటో అల్లుడికంటే నాకే ఎక్కువ తెలుసు. తెలిసి కూడా ఆ పూట ఆ సంగతి ఎత్తలేదు. ఎత్తితే మొక్కలు పీకడానికి నేనే ఒప్పుకున్నట్టు అవుతుందని.

మర్నాడు ఒంటెల మనిషి పేడ తెచ్చాడు. జరిగింది చెప్పాను. వాడు రెండాకులు తెంపి నోట్లో వేసుకుని పగలబడి నవ్వాడు. గోంగూరను వాళ్ళ వైపు పుంటికూర అంటారు.

"పుంటికూరకు గింత పంచాయితా! గీళ్ళు ఏం సదువుకున్నరే అన్నా?"

నాకు ప్రాణం లేచొచ్చింది. "అయితే ఈ డ్రమ్ము నీ బండిలో వేసుకెళ్ళు. పూసేదాకా మీ ఒంటెల దొడ్లో పెట్టు."

నవ్వు ఆగిపోయింది. చేతులు ప్యాంటుకు తుడుచుకున్నాడు.

"తప్పువట్టకన్నా. మా ఒంటెలకు పందెం ముంగట రక్తం పరీక్ష జేస్తరు. రేపు దేంట్లనన్న ఏదన్న ఎల్లిందనుకో, ముందుగాల నన్నే గుంజుతరు. ఇది పుంటికూరనే. నాకెరుకనే. కానీ నా బండిల వద్దు."

"ఫో మరి, నువ్వూ వాళ్ళ జతే."

"కోపమొస్తే రా, మా దిక్కు రెండు దినాలుండి పో. మాఫీ ముష్కిల్, ఏం ఫికర్ లేదు. ఈడుంటే అల్లునితోని లొల్లే."

వెళ్ళాను. డ్రమ్మును అక్కడే వదిలి, పౌరుషంగా బండెక్కి వెళ్ళాను. షహానియాలో ఒంటెల వాసనలో, వాడి మంచం పక్కన చాప మీద పడుకున్నాను. అమ్మాయి ఫోన్ చేసి "ఎప్పుడొస్తావు నాన్నా?" అంటే, "మీకు అంత తొందరేం?" అన్నాను. ఆ పిల్ల ఫోన్ పెట్టేసింది.

తిరిగి వచ్చేసరికి డ్రమ్ములో మోళ్ళు ఉన్నాయి. అమ్మాయి గుమ్మంలోనే ఎదురొచ్చింది.

"నేనే కోశాను నాన్నా. ఆయన కాదు. ఆయన్నేమీ అనకు."

"కోస్తే కోశావు. ఎక్కడ పారేశావు?"

"పారెయ్యలేదు. వీధి చివర చెత్తడబ్బా దగ్గర కెమెరా ఉంది. నల్ల కవర్లు మోసుకెళ్తుంటే ఏంటవని అడిగితే నేనేం చెప్పను? కత్తెరతో చిన్నచిన్న ముక్కలు చేసి నీ ఫ్రిజ్‌లో వేశాను. మొత్తం పట్టింది. నీ ఎర్రలకు తిండి అవుతుంది, నీకూ కొంచెం బాధ తగ్గుతుందని..."

ఆ మాట పూర్తి కాకముందే నేను పెరట్లో ఉన్నాను. తలుపు ఎత్తితే ఆవిరి ముఖానికి కొట్టింది. పచ్చాకు అంతా ఒక్కసారి మూతేసి కుక్కితే పొయ్యి మీద పెట్టినట్టే. వేడి లోపలికి రాదని తెచ్చిన ఫ్రిజ్, లోపల పుట్టిన వేడిని బయటికి పోనివ్వలేదు. పైకి పాకగలిగిన ఎర్రలు తలుపు రబ్బరుకు అంటుకుని ఎండిపోయాయి. కిందివి ఉడికి, ముట్టుకుంటే జావలా జారాయి. పులిసిన వాసన. గోగుకు వాసన ఉండదని చెప్పాను కదా, ఉడికితే ఉంటుంది.

రెండు చేతులతో ఆకు బయటికి లాగుతుంటే అల్లుడు ఆఫీసు నుంచి వచ్చాడు. బూట్లు విప్పకుండానే పక్కన చతికిలబడి, వంటింటి పళ్ళెం తెచ్చి, కదులుతున్నవాటిని వేళ్ళతో ఏరసాగాడు. ఎర్రను ముట్టుకోవడం ఆయనకు అదే మొదలు.

"ఇవి బతుకుతాయా మామయ్యగారూ?"

నేను జవాబు చెప్పలేదు. చెప్పి ఉండాల్సింది. అప్పుడు ఆయన అడిగింది ఎర్రల గురించి మాత్రమే కాదని ఇప్పుడు అనిపిస్తుంది. నా మొండితనంతో ఆకు లాగుతూనే ఉన్నాను. ఆయన చీకటి పడేదాకా ఏరి, చేతులు కడుక్కుని లోపలికి వెళ్ళాడు.

పళ్ళెంలోవి కొన్ని బతికాయి. నేను ఇంట్లోనే ఉండి, నా చేత్తో నేనే కోసి, ఆకు ఎండబెట్టి వేసి ఉంటే అన్నీ బతికేవి. మొక్కలు ఎలాగూ పోయేవే. నేను చెయ్యలేనిది ఆ పిల్ల చేసింది, పద్ధతి తెలియక చేసింది. కోపం మాత్రం నాలో అలాగే ఉంది. ఎవరి మీద పెట్టుకోవాలో తెలియక ఇంకా ఆ గ్రూపులో నవ్విన బొమ్మల మీదే పెట్టుకున్నాను.

తర్వాత అల్లుడు పుదీనా నారు తెచ్చిచ్చాడు. నాటాను. పుదీనా మీద ఎవరికీ అనుమానం రాదు, అడ్డదిడ్డంగా పాకింది. గోంగూర ఇప్పుడు షాపు నుంచి వస్తుంది. అల్లుడు పచ్చడి కలుపుకుంటాడు, ఏమీ అనడు, నేనూ ఆయన మొహంకేసి చూడను.

మొన్న ఒక కొత్త కుటుంబం భోజనానికి వచ్చింది. ఆవిడ పెరడంతా తిరిగి చూసి, "అంకుల్, ఇంత చక్కగా పెంచుతున్నారు, గోంగూర వెయ్యలేదా?" అంది.

నేను నోరు తెరిచేలోపు మా అమ్మాయి అంది: "వేశామండీ. ఇక్కడి మట్టికి రాదు."

అని నా వైపు చూసింది. అల్లుడు కూడా చూశాడు.

"అవునమ్మా, రాదు" అన్నాను.

ఆవిడ అయ్యో అని, నేను కోసిచ్చిన పుదీనా పట్టుకుని లోపలికి వెళ్ళింది.