గేటు పక్క అతుకులో తెగిన తీగ

జూన్ మొదటి సోమవారం. ఉదయం ఆరూ నలభై. కొండపల్లి దాటాక వచ్చే ఒక చిన్న స్టేషన్లో ప్యాసింజరు దిగాను. స్టేషన్ పేరు రాయను. అక్కడ పనిచేసేవాళ్ళు ఇంకా ఉన్నారు.

చేతిలో ఒక సంచి. రెండు చీరలు, అన్నం గిన్నె, నా భర్త రైల్వే చొక్కా. ఆయన పట్టాల గ్యాంగులో పనిచేస్తూ కామెర్లతో పోయారు. ఆయన స్థానంలో నన్ను తీసుకున్నారు. నాకప్పుడు నలభై రెండేళ్ళు. ఉయ్యూరు చుట్టుపక్కల చెరుకు కొట్టడం, నాట్లు వెయ్యడం తప్ప వేరే పని తెలియదు. అక్షరం ముక్క రాదు. ఆర్డరు మీద వేలిముద్ర వేసి, తొమ్మిదో తరగతి చదివే కూతుర్ని చర్చి వాళ్ళ హాస్టల్లో వదిలి వచ్చాను.

గ్యాంగు మేస్త్రీ ప్లాట్‌ఫారం చివర నిలబడి ఉన్నాడు. మా పదకొండు మందికీ ఆయనే పెద్ద. నన్ను పైనుంచి కిందికి చూశాడు.

"పేరు?"

"సువార్తండీ."

"పలుగు ఎత్తగలవా?"

"చెరుకు మోపులు ఎత్తానండీ."

"మోపు నెత్తి మీద కూర్చుంటది. పలుగు చేతుల్లో కూర్చోదు. పద."

ఇచ్చిన సామాను: నా కంటే పొడుగైన పలుగు, ఒక పార, ఎర్ర జెండా, ఆకుపచ్చ జెండా, నారింజ రంగు కోటు. కోటు మోకాళ్ళు దాటింది. బూట్లు మగవాళ్ళ కొలతవి. ముందు భాగంలో గుడ్డ కుక్కుకుని కట్టుకున్నాను.

మా సెక్షను ఆరు కిలోమీటర్లు. రెండు లైన్లు. ఒక పక్క మామిడి తోటలు, ఇంకో పక్క పల్లం. వానాకాలం పల్లంలో నీళ్ళు నిలిచేవి. వేసవిలో పట్టా మీద చెయ్యి పెడితే తోలు అంటుకునేది. రోజంతా బొగ్గు బళ్ళు. మధ్యలో ఒక గేటు, గేటు పక్కన ఒక గది. ఎండకి నీడ అదొక్కటే.

మొదటి రోజే తప్పు చేశాను. ఉదయం తొమ్మిదీ పది. బండి లేదు. మేస్త్రీ మంచినీళ్ళకి ఆగమన్నాడు. పలుగు కంకరలో పడేస్తే మట్టి అవుతుందని పద్ధతిగా రెండు పట్టాల మీదా అడ్డంగా ఆనించాను. ఎదురుగా ఆకుపచ్చగా ఉన్న సిగ్నల్ టక్కున ఎర్రబడింది.

"ఎవరే అది! తియ్, తియ్!" అని మేస్త్రీ పరుగెత్తుకొచ్చాడు. పలుగు తీశాను. కాసేపటికి మళ్ళీ ఆకుపచ్చ.  నా పలుగుకీ ఫర్లాంగు దూరంలో ఉన్న దీపానికీ ఏమిటి సంబంధం?

పావుగంటలో ఒకాయన మోపెడ్ మీద వచ్చాడు. సిగ్నల్ మెయింటెయినర్. సన్నగా, తెల్ల మీసం, జేబులో టెస్టర్. సిగ్నళ్ళు పాడవకుండా చూడ్డం ఆయన పని. తిడతాడనుకున్నాను.

"కొత్తమ్మాయా?" అన్నాడు మేస్త్రీతో.

"అమ్మాయేంటండీ, కూతురు తొమ్మిది చదువుతోంది."

"అయితే చెల్లెమ్మ. రామ్మా, చూపిస్తా."

పట్టాల పక్కన కూర్చోబెట్టి చెప్పాడు. ఒక చివర చిన్న బ్యాటరీ. కరెంటు ఒక పట్టా మీద వెళ్ళి, అవతలి చివర రిలే అనే చిన్న పెట్టెని తాకి, రెండో పట్టా మీద వెనక్కి వస్తుంది. అలా తిరుగుతున్నంతసేపూ ఆకుపచ్చ. బండి పట్టాలెక్కితే చక్రాల మధ్య ఇరుసు దానికి అడ్డదారి చూపిస్తుంది. పెట్టె దాకా చేరదు. ఎరుపు. నా పలుగు చేసిన పని అదే. పట్టాకీ పట్టాకీ మధ్య అతుకు దగ్గర కరెంటు దాటడానికి ఒక తీగ ఉంటుంది. అది తెగినా ఎరుపే. పట్టా విరిగినా ఎరుపే. బ్యాటరీ చచ్చిపోయినా ఎరుపే.

"ఏది పాడైనా ఎరుపేనా అన్నయ్య గారూ?"

"అదే దీని మంచితనం. మా తాతల కాలం నాటి ఉపాయమమ్మా. నాకు తెలీదు అనిపిస్తే చాలు, ఆగమంటుంది."

మీరు రైల్లో కూర్చుని, సిగ్నల్ పడలేదని విసుక్కుంటారు. నేనూ విసుక్కున్నదాన్నే. ఆ రోజు తరువాత మళ్ళీ విసుక్కోలేదు.

గేటు దగ్గర డ్యూటీ చేసేది ఒక మాజీ సైనికుడు. మంచు కొండల్లో కాపలా కాసి వచ్చి, గేట్‌మ్యాన్‌గా చేరాడు. అందరికీ ఆయన హవల్దారు గారే. స్టేషన్ నుంచి ఫోను వస్తే నిటారుగా నిలబడి మాట్లాడేవాడు.

"గేటు. అప్ గూడ్స్. పదకొండూ ఇరవై రెండు. గేటు మూశాను. ఓవర్."

"ఓవర్ ఎందుకయ్యా, ఇది ఫోను, మిలిటరీ వైర్‌లెస్ కాదు," అనేవాడు స్టేషన్ మాస్టరు. అయినా హవల్దారు గారు మానలేదు. గంటలూ నిమిషాలూ చెప్పడం నేను ఆయన దగ్గరే నేర్చుకున్నాను. "పొద్దున వచ్చింది" అంటే ఒప్పుకునేవాడు కాదు. "పొద్దున అంటే ఎన్నింటికి?" అనేవాడు.

పదకొండు నెలలు గడిచాయి. ఇంకో నెలలో నన్ను పర్మినెంట్ చేస్తారు. అప్పటిదాకా తప్పు జరిగితే ఇంటికి పంపించెయ్యొచ్చు. పంపిస్తే హాస్టలూ, చదువూ, అన్నీ మళ్ళీ చెరుకు తోటలోకే.

మే నెల. మంగళవారం. పదీ ఇరవై. గేటు పక్క అతుకు కింద కంకర బిగించమన్నారు. పలుగు దించాను. రాయి తగిలినట్టు కాకుండా వేరేగా తగిలింది. కంకర తీసి చూస్తే, తీగ. రెండు ముక్కలు.

సిగ్నల్ వైపు చూశాను. ఆకుపచ్చగానే ఉంది.

మేస్త్రీ పక్కకొచ్చి వంగి చూశాడు.

"ఎవరూ చూళ్ళేదు. కప్పెయ్."

"అన్నయ్య గారికి చెబుదామండీ."

"ఎరుపు పడిందా? పళ్ళేదుగా. అతుక్కి ఇనప బద్దలున్నాయి. వాటి మీద పోద్ది కరెంటు. నువ్వు నెలాగితే పర్మినెంటు. నోరుమూసుకుని కప్పెయ్."

ఆయన చెడ్డవాడు కాదు. నన్ను కాపాడుతున్నాననే అనుకున్నాడు. తీగల సంగతి సిగ్నల్ వాళ్ళు చూసుకుంటారు, మనం చెప్పకూడదు అనేది గ్యాంగులో ఎప్పటినుంచో ఉన్న పద్ధతి. చెబితే తప్పు మనదవుతుంది. చెప్పకపోతే వాళ్ళది. కప్పేశాను.

గురువారం ఎండ ముదిరింది. మధ్యాహ్నం పన్నెండూ ఐదు. బండి లేకుండా సిగ్నల్ ఎర్రబడింది. వేడికి పట్టాలు సాగి, అతుకు దగ్గర బద్దలు పట్టు తప్పాయి. వెనక వస్తున్న ఎక్స్‌ప్రెస్ ఆగిపోయింది. మెయింటెయినర్ వచ్చేసరికి మళ్ళీ ఆకుపచ్చ. ఆయన వెళ్ళగానే ఎరుపు. దెయ్యం పట్టినట్టు ఆడింది.

శుక్రవారం అంతే. శనివారం అంతే. బళ్ళు ఆగడం, గార్డుల ఫోన్లు, పైనుంచి కేకలు. ఆయన ఒక్కడే వంగి, అతుకు తరువాత అతుకు, కంకర తోడుకుంటూ వెళ్ళడం దూరం నుంచి చూశాను. ఆయన అవతలి చివర నుంచి మొదలుపెట్టాడు. నేను కప్పింది ఈ చివర.

"రిటైరయ్యేది డిసెంబరులో. ఈ లోపల చార్జిషీటు వచ్చేటట్టుంది పాపం," అన్నాడు హవల్దారు గారు.

శనివారం రాత్రి హాస్టల్‌కి ఫోను చేసి, పాప గొంతు విని, ఏమీ చెప్పకుండా పెట్టేశాను.

ఆదివారం ఉదయం పదీ యాభైకి విచారణకి రైల్వే ఇన్‌స్పెక్టరు గారు వచ్చారు. నీడ ఉందని గేటు గదిలోనే కూర్చున్నారు. బల్ల మీద ఇంగ్లీషు కాగితం. మా గ్యాంగు తరఫున అయిదుగురం సాక్షులం. నలుగురు సంతకాలు చేశారు. మెయింటెయినర్ తలుపు దగ్గర నిలబడ్డాడు. వాదించలేదు.

"నేనెక్కడ పెట్టాలి సార్ సంతకం?" అని మాత్రం అడిగాడు.

ఆ అడగడం నేను వినలేకపోయాను. అంతకుముందు రోజులన్నీ నన్ను నేను ఎలాగో సర్దుకున్నాను. ఆ ఒక్క మాటకి సర్దుకోలేకపోయాను.

ఇన్‌స్పెక్టరు గారు ఇంకు డబ్బా నా వైపు జరిపారు. "ఇక్కడమ్మా. బొటనవేలు."

"అందులో ఏముందండీ?"

"మామూలే. వెయ్యి."

"హవల్దారు గారూ, కాస్త చదివి చెప్పండి."

హవల్దారు గారు ఇన్‌స్పెక్టరు గారి వైపు చూశాడు. "ఆర్డరైతే చదువుతాను సార్."

"చదవవయ్యా, అదేమన్నా రహస్యమా?"

ఆయన కాగితం తీసుకుని తెలుగులో చెప్పాడు. గేటు దగ్గర ఈ వారం గ్యాంగు ఏ పనీ చెయ్యలేదు. సిగ్నల్ పాడవడానికి మెయింటెయినర్ తీగలు సరిగా చూసుకోకపోవడమే కారణం.

"తీగ నేను తెంపానండీ," అన్నాను. "మంగళవారం, పదీ ఇరవై. పలుగు తగిలి తెగింది. పైన కంకర కప్పాను."

 మేస్త్రీ నా వైపు చూసిన చూపు ఇప్పటికీ గుర్తే.

"నిన్నెవరు చెప్పమన్నారు?" అన్నారు ఇన్‌స్పెక్టరు గారు.

"చెప్పొద్దనే అన్నారండీ," అన్నాను. నా నోటికి వచ్చింది అదే.

ఫోను మోగింది. హవల్దారు గారు ఎత్తాడు. "గేటు. ప్యాసింజరు. పదకొండూ తొమ్మిది. ఓవర్." బయటికి వెళ్ళి గేటు మూశాడు. ప్యాసింజరు ఎర్ర దీపం దగ్గరకొచ్చి ఆగింది. అందరం లేచి పట్టాల దగ్గరికి నడిచాం. చోటు చూపించాను. మెయింటెయినర్ కంకర తోడాడు. నాలుగు నిమిషాలు. రెండు ముక్కలూ బయటపడ్డాయి.

అప్పుడాయన కోపం నా మీదికి వచ్చింది.

"మూడు రోజులమ్మా! మూడు రోజులు ఎండలో చచ్చాను. అవతల గూడ్సు యార్డు నుంచి తోడుకుంటూ వచ్చాను. మంగళవారమే ఒక్క మాట చెబితే పది నిమిషాల పని. చెల్లెమ్మా అన్నాను గదా నిన్ను!"

 ఆయన కొత్త తీగ బిగించాడు. దీపం పసుపుకి, తరువాత ఆకుపచ్చకి మారింది. ప్యాసింజరు మమ్మల్ని దాటిపోయింది.

ఇన్‌స్పెక్టరు గారు గొంతు సవరించుకున్నారు. "ఈవిడింకా టెంపరరీ. వెనక్కి పంపమని రాయాల్సిందే."

మెయింటెయినర్ సామాను సర్దుకుంటూ, మొహం ఎత్తకుండానే అన్నాడు.

"తీగలు ఇంతకుముందూ తెగాయి సార్. మూడు గ్యాంగులు మారాయి. తెంపాను అని చెప్పిన మనిషి ఈవిడొక్కతే. ఈవిణ్ణి పంపించేస్తే ఇక ఎవడూ చెప్పడు. పట్టా విరిగినా చెప్పడు."

 ఇన్‌స్పెక్టరు గారు పాత కాగితం మడిచి జేబులో పెట్టుకున్నారు. కొత్తది రాయించారు. నాకు చదివి వినిపించాకే వేలిముద్ర తీసుకున్నారు.

శిక్ష పడింది. వార్నింగు లెటరు ఇచ్చారు, పర్మినెంటు ఆరు నెలలు వాయిదా వేశారు. మెయింటెయినర్‌కి ఏమీ రాలేదు. డిసెంబరులో దండ వేయించుకుని ఇంటికి వెళ్ళాడు. మేస్త్రీ రెండు వారాలు నాతో మాట్లాడలేదు. తరువాత ఒక పొద్దున, గ్యాంగు మొత్తాన్ని నిలబెట్టి, "తీగ తగిల్తే చెప్పండి. కప్పినోడి కాళ్ళు విరగ్గొడతా," అన్నాడు. నా వైపు చూడకుండా అన్నాడు.

ఆ వారంలోనే హవల్దారు గారిని అడిగాను, చదువు చెప్పమని. నాకు తెలియని కాగితం మీద ఇంకెప్పుడూ వేలు పెట్టకూడదనుకున్నాను.

"టైము?"

"బండికీ బండికీ మధ్యండీ."

"రేపు, పన్నెండూ నలభై. లేటైతే క్లాసు లేదు."

మధ్యాహ్నం అన్నం గంటలో, రోజుకి ఒక అక్షరం. పలక లేదు. పట్టా పక్క భాగం మీద సుద్దముక్కతో రాసేదాన్ని. గూడ్సు వెళితే సుద్ద రాలిపోయేది. మళ్ళీ రాసేదాన్ని. ఏడాదిన్నర పట్టింది. ముందు తెలుగు, తరువాత ఇంగ్లీషులో కొంచెం. నా అంతట నేను మొదటి నుంచి చివరిదాకా చదివిన మొదటి ఆఫీసు కాగితం ఆ వార్నింగు లెటరు. అందులో నా పేరు తప్పు రాశారు. ఆ సంగతి కనిపెట్టి ఎంత సంతోషపడ్డానో!

పద్దెనిమిదేళ్ళు అక్కడే చేశాను. చివరి అయిదేళ్ళు రోజూ పట్టాలు తనిఖీ చేసే పని, రిపోర్టు నేనే రాసేదాన్ని. ఇప్పుడు ఆ లైన్లో పట్టాల కరెంటుకి బదులు, వెళ్ళే బండి చక్రాలు లెక్కపెట్టే పెట్టెలు బిగించారు. అతుకులూ చాలావరకు పోయాయి. నర్సుగా చేస్తున్న నా కూతురికి తీగ సంగతి చెబితే, "ఇంత చిన్నదానికా అమ్మా?" అంది.

రిటైరయిన రోజు సాయంత్రం నాలుగూ ముప్పైకి విజయవాడలో బస్సెక్కాను. ఆరింటికల్లా ఉయ్యూరు. ఫ్యాక్టరీకి వెళ్ళే చెరుకు ట్రాక్టర్ల వెనకే ఇల్లు చేరాను. సంచిలో శాలువా, ఒక గడియారం. పట్టాల మీద నడిచి నడిచి, ఇప్పటికీ నా అడుగు కింది స్లీపరు దిమ్మల ఎడానికే పడుతుంది. పొద్దున ప్రార్థనలో ఆ మనుషుల పేర్లన్నీ చెప్పుకుంటాను.

ఆ ఆదివారం జరిగింది ఒకటి ఇంకా రాయలేదు. ఇన్‌స్పెక్టరు గారి జీపు వెళ్ళిపోయింది. టైము పన్నెండూ పది. నేను గేటు గది వెనక కూర్చుని ఏడుస్తున్నాను. కళ్ళు తుడుచుకుని పట్టాల వైపు చూశాను. మెయింటెయినర్ మామిడి చెట్టు కింద కూర్చుని రెండు చేతులూ ముందుకు చాపాడు. అరచేతులు కాలి బొబ్బలెక్కాయి. మూడు రోజులు కంకర తోడి వేళ్ళ చివరలు చిట్లి, గోళ్ళ కింద నెత్తురు గడ్డకట్టింది. మా మేస్త్రీ, అంతవరకూ సిగ్నల్ వాళ్ళ గురించి ఒక్క మంచిమాట అనని మనిషి, కుండ తెచ్చి ఆయన ఎదురుగా గొంతుక్కూర్చున్నాడు. ఒక్కొక్క వేలు పట్టుకుని, నీళ్ళు సన్నటి ధారగా పోస్తూ, గోరు కింద ఇసుక తీస్తున్నాడు.  మేస్త్రీ తన తలపాగా విప్పాడు. కొత్త తువ్వాలు. పంటితో అంచు కొరికి రెండుగా చింపాడు. ఒక ముక్క కుడి చేతికి, ఒక ముక్క ఎడమ చేతికి కట్టాడు.