గొంతు లేని బండ

1982 మార్చిలో నన్ను అసిస్టెంట్ ఇంజనీరుగా హోసూరుకు వేశారు. ఏడాది తిరగకుండా ఆ ఊళ్లో ఇరవై నాలుగు అంగళ్ల ఆరుబయటి వాణిజ్య సముదాయాన్ని ఒంటిచేత్తో గీసి, కట్టి, వసారా కప్పుకు వేసిన ప్రతి రాతిబండనూ నా చెవితోనే పరీక్షించి పైకెక్కించాను.

ఒంటిచేత్తో అన్నది కాస్త ఎక్కువే. పై ఆఫీసు పంపిన నక్షాలో అంగళ్లన్నీ కాంక్రీటు పెట్టెల్లా ఉన్నాయి. వేప్పనపల్లి వైపు పల్లెల్లో ఇళ్ల ముందు రాతి కూసాలు నిలిపి, వాటిమీద పొడుగాటి బండలు పరిచి వసారా దించుతారు. మండే మధ్యాహ్నం కూడా దాని కింద చల్లగా ఉంటుంది. నా నక్షాలో అదే పెట్టాను: నడుమ ముంగిలి, చుట్టూ అలాంటి వసారా, గిరాకీలు కూర్చోవడానికి అరుగులు. గీస్తుంటే చెయ్యి ఆగలేదు.

కృష్ణగిరిలో ఉండే ఎగ్జిక్యూటివ్ ఇంజనీరు, అంటే మా డివిజన్‌కు పెద్ద, ఒక షరతు పెట్టారు. ముందు ఒక్క అంకణం, అంటే నాలుగు కూసాల నడుమ భాగం కట్టి, కప్పుమీద ఇసుక బస్తాలు పేర్చి ఒక రోజంతా ఉంచాలి. నిలిస్తే నా నక్షా. విరిగితే పాత నక్షా, రాతిపనివాళ్లు ఇంటికి.

ఆ పనివాళ్ల గుంపుకు పెద్ద గంగులమ్మ. పరుపురాతి మీద మంటపెట్టి, వేడికి పొర లేచాక బండలుగా విడదీస్తారు. ఒక్కొక్కదాన్నీ ఆమె సుత్తితో తట్టి వినేది. గంటలా మోగితే మంచిది. మొద్దుగా పలికితే లోపల బీట ఉన్నట్టు, పక్కన వేసేది.

అలా పక్కన వేసినవాటిలో ఒకటి అద్దంలా నున్నగా, ముఖద్వారం కోసమే పుట్టినట్టు ఉంది. పరీక్ష అంకణం మీదికి దాన్నే ఎక్కించమన్నాను.

"అది వద్దు సారూ. దానికి గొంతు లేదు."

చూడ్డానికి ఎంత బాగుందో చూడమన్నాను.

"బాగుంటే నీ ఇంట్లో పెట్టుకోప్పా. జనాల నెత్తిమీద యాల?"

నా మాటే నెగ్గింది. బస్తాలు ఎక్కాయి. వంపు కొలిచే డయల్ గేజిని బండ కింద అమర్చాం. మర్నాడు పొద్దున చూస్తే ముల్లు కదల్లేదు! సంబరం పట్టలేక, పరీక్ష చూడ్డానికి కృష్ణగిరి నుంచి వచ్చిన పెద్దసారును బండ కిందికి పిలిచాను. గంగులమ్మ నిచ్చెనెక్కి అంచు తట్టి, "బయటికి రాండప్పా, చస్తారు!" అని అరిచింది. సారును రెక్క పట్టుకుని లాగేశాను. మా వెనకే బండ రెండుగా విరిగి బస్తాలతో సహా పడింది.

షరతు ప్రకారం కథ ముగిసినట్టే. గంగులమ్మ వదల్లేదు. మంచి బండలన్నీ వరుసగా మోగించి, "ఈటికి గొంతుంది సారూ, ఇంకొక్కతూరి ఎత్తి చూడు" అంది. ఎగ్జిక్యూటివ్ ఇంజనీరు సుత్తి అందుకుని తనే తట్టి విన్నారు. రెండో పరీక్షకు ఒప్పుకుని తనిఖీ నోటులో రాశారు: ఎక్కించకముందే ప్రతి బండనూ గంగులమ్మ మోగించాలి, ఆమె చెప్పినట్టు అసిస్టెంట్ ఇంజనీరు సంతకం చెయ్యాలి. నా చెవి సంగతి ఇంతే. ఈసారి కప్పు నిలిచింది. అంగళ్లు తెరిచిన రోజు ప్రతి కూసాన్నీ తట్టుకుంటూ ముంగిలి చుట్టూ ఎన్నిసార్లు తిరిగానో!

నేర్చుకున్నది ఒకటే. రాయి వంగి హెచ్చరించదు. దాన్ని నేలమీద ఉండగానే, వినడం తెలిసినవాళ్ల చేత పరీక్షించాలి.

ఇదంతా మొన్న గంగులమ్మకు చదివి వినిపించాను.

"ఎవురు ఎవుర్ని లాగినారు సారూ? నేను అరస్తా ఉంటే నువ్వు ఆ ముల్లునే చూస్తా ఆడనే నిలబడినావు. పెద్దసారే నీ చొక్కా పట్టుకోని ఈడ్చినాడు. తెగిన గుండీలు ఏరిచ్చింది నేను."