ఫస్ట్ కాపీకి పసుపు కుంకుమ

'ఆ రోజుల్లో' అని మొదలుపెట్టాలంటే మనిషికి రెండు పళ్లయినా ఊడి ఉండాలంటారు. నాకింకా ఒక్కటీ ఊడలేదు. కదులుతున్నది మాత్రం ఒకటుంది కాబట్టి సగం హక్కు వచ్చినట్టేనని ధైర్యం చేస్తున్నాను. ఆ రోజుల్లో, అంటే నోట్లోంచి పొగ రావడానికి నిప్పుతో పనిలేదన్న సంగతి మా రాయచూరు జిల్లాకు కొత్తగా తెలిసిన రోజుల్లో, నేను మా బావ చేతికింద పని నేర్చుకుంటున్నాను. కృష్ణ ఒడ్డున కరెంటు తయారుచేసే కార్ఖానాలో (మావైపు అందరూ పవర్ హౌస్ అనే అంటారు) బావ స్టోర్సులో ఉండేవాడు. బయటినుంచి వచ్చిన ప్రతి సామానూ అసలుదా నకిలీదా అని తేల్చడం ఆయన ఉద్యోగం. ఆయన తేల్చినదాన్ని మోసుకెళ్లి అరలో పెట్టడం, కాంట్రాక్టు మీద చేరిన నా ఉద్యోగం. డిప్లొమా చదివిన చేతులకు ఇదేం ఖర్మ అని నేను లోపల్లోపల కుమిలిపోయేవాణ్ణి. ఆయన మా అక్క మొగుడు కాకపోతే ఆ ఖర్మ కూడా దొరికేది కాదని గిల్లేసూగూరులో మా ఇంట్లో అందరికీ తెలుసు, నాకు తప్ప.

బావను స్టోర్సులో చాటుగా అందరూ 'అసలాయన' అనేవాళ్లు. బేరింగు చేతికివ్వగానే చెవి దగ్గర పెట్టుకుని ఒక్క తిప్పు తిప్పేవాడు. డబ్బా మీది అక్షరాలను ఎండలోకి పట్టి చూసేవాడు. నచ్చకపోతే మారుమాట లేకుండా ఎర్రరంగులో కుంచె ముంచి దానిమీద ఇంటూ గుర్తు వేసేవాడు. ఆ గుర్తు పడిందంటే ఆ వస్తువు ఇక ఏ మిషను మొహమూ చూడదు. సరుకు పంపినవాళ్లు హైదరాబాదు నుంచి, హుబ్బళ్లి నుంచి మిఠాయి డబ్బాలు పట్టుకుని వచ్చేవాళ్లు. "అన్నా, చూడనీకి రెండు ఒక్కతీర్గనే ఉన్నయి గదా" అని బతిమాలేవాళ్లు. "చూడనీకి నేను, నా తమ్ముడు గూడ ఒక్కతీర్గనే ఉంటం. నా జీతం వానికిస్తరా?" అనేవాడు బావ. మిఠాయి డబ్బా మీద కూడా ఇంటూ వేసి పంపించాడని ఒక కథ ఉండేది (నేను చూడలేదు, కానీ నమ్ముతాను).

ఇంతటి మనిషికి ఒకటే బలహీనత, సిగరెట్టు. వాళ్ల నాన్న బీడీలు తాగి తాగి చివరి ఏడాదంతా మంచం మీద కూర్చునే నిద్రపోయాడు. పడుకుంటే ఊపిరాడేది కాదు. ఆయన వీపు నిమిరింది మా అక్కే. అందుకే బావ తెల్లవారి లేచి దగ్గు మొదలుపెట్టగానే వంటింట్లో అక్క చేస్తున్న పని ఆపేసేది. "మామ గిట్లనే దగ్గేటోడు" అనేది, అంతకుమించి ఏమీ అనేది కాదు. చివరికి ఆ ఒక్కమాట పడలేక బావ రాయచూరులో ఛాతీ డాక్టరు దగ్గరికి వెళ్లాడు. ఆయన ఎక్స్‌రేను వెలుతురుకు పెట్టి, చాలాసేపు చూసి, కన్నడంలో "సాకప్పా, ఇన్ను సాకు" అన్నాడు. ఇక చాలించమని. బావ చాలించడానికి సోంపు నమిలాడు, లవంగం నమిలాడు, మా అక్క ఎండబెట్టిన ఉసిరి ముక్కలు నమిలాడు. మూడూ నమిలాక సిగరెట్టు ఇంకా రుచిగా ఉందని నాకు రహస్యంగా చెప్పాడు.

అలాంటి సమయంలో బెంగళూరు నుంచి ఒక ఇంజనీరు బదిలీ మీద వచ్చాడు. ఆయన దగ్గర పెన్నుకన్నా లావుగా, టార్చిలైటుకన్నా సన్నగా ఒక స్టీలు గొట్టం ఉండేది. మీట నొక్కి పీల్చి వదిలితే తెల్లటి పొగ వచ్చేది. బూడిద లేదు, అగ్గిపెట్టె లేదు. సిగరెట్టు మానడానికే ఇది అని ఆయన చెప్పాడు (ఆయన ఎన్నాళ్లుగా మానుతున్నాడో మేము అడగలేదు). బావ ఆ రోజంతా అన్యమనస్కంగా ఉన్నాడు. ధర కనుక్కురమ్మని నన్ను పంపాడు. నేను కనుక్కొచ్చి చెబితే, ఆ ధరకు చిన్న పంపుసెట్టు వస్తుందని నిట్టూర్చాడు. ఇలాంటివే చవకలో, అచ్చం అలాగే ఉండేవి రాయచూరు బజారులో దొరుకుతాయని నేనే నోరు జారాను. ఆ రోజుల్లో నాకు తెలియని విషయం ఉండేది కాదు. అప్పటికింకా మా రాష్ట్రంలో వాటిని ఆపలేదు. తర్వాత ఇక్కడా, ఆ తర్వాత దేశమంతటా నిషేధించారు.

సెలవురోజు బస్సులో బయల్దేరాం. కిటికీ పక్కన కూర్చుని నేను ధర్మసందేహం లేవదీశాను. "బావా, అది డూప్లికేట్ గదా. మనం కొనొచ్చునా?" అన్నాను. బావ ఈ ప్రశ్న కోసమే కాచుకుని ఉన్నట్టున్నాడు. "అసలు ఆ గొట్టమే సిగరెట్టుకు నకిలీ. అవునా, కాదా? నకిలీకి నకిలీ కొంటె మోసపోయేటోడెవడు?" అన్నాడు. చిక్కసూగూరు దాటేదాకా ఆలోచించి, "దాన్ని తయారుచేసిన కంపెనోడు" అన్నాను. "వాడు సిగరెట్టోని గిరాకి గుంజుకున్నడు. వాని గిరాకి వీడు గుంజుకుంటుండు. దొంగలు దొంగలు కొట్లాడుకుంటె నడుమ మనకేంది?" అన్నాడు. "మరి బేరింగులకు ఎర్రరంగు ఎందుకేస్తవ్?" అన్నాను. "బేరింగు పలిగితే పది మంది చస్తరు. ఇది పలిగితే పోయేది నేనొక్కన్నే గద" అన్నాడు. నాకు ఆ మాట చాలా బాగా తోచింది. పెళ్లికాని వాళ్లకు అలాంటి మాటలు బాగానే తోస్తాయి.

దుకాణం ఒక ఇరుకు సందులో ఉంది. దుకాణందారును అందరూ 'భాయ్' అంటారు, మేమూ అదే అన్నాం. మనిషి మహా నిక్కచ్చి. "సాబ్, ఇది ఫస్ట్ కాపీ. అసల్ అని నేను చెప్పను. ఝూట్ చెప్పి అమ్మితే పిల్లలకు పెట్టే రొట్టె హరామ్ అయితది" అన్నాడు ముందుగానే. ఆ పక్క దుకాణం వైపు గడ్డంతో చూపిస్తూ, "ఆడికి మాత్రం పోకుండ్రి. వాడు నా ఫస్ట్ కాపీకి కాపీ తెచ్చి ఫస్ట్ కాపీ అని అమ్ముతడు. ఈమాన్ లేదు వానికి" అన్నాడు బాధగా. బావ ఆ గొట్టాన్ని అందుకుని అలవాటు కొద్దీ చెవి దగ్గర పెట్టుకున్నాడు (అందులో తిరిగేది ఏమీ లేదు). ఎండలోకి తీసుకెళ్లి అక్షరాలు చూశాడు. "ఈ అక్షరం వంకరున్నది. మూత మర సరిగ్గ కూసోలే. అంచు చెయ్యి గీక్కపోతది" అని ఒక్కొక్కటే వప్పజెప్పాడు. భాయ్ చేతులు కట్టుకుని విన్నాడు. "కాపీని కాపీ అని తిట్టేటోన్ని ఇయ్యాల్నే చూస్తున్న సాబ్" అన్నాడు. బావ దాన్ని బల్లమీద పెట్టి, "పాస్ కాదు" అని తీర్పు చెప్పి, జేబులోంచి పర్సు తీసి, "ప్యాక్ చెయ్యి" అన్నాడు. మీఠాపాన్ వాసన వచ్చే చిన్న సీసా కూడా తీసుకున్నాడు. తన సర్వీసులో బావ పనికిరాదని చెప్పి చేతులారా ఇంటికి తెచ్చుకున్న సామాను అదొక్కటే.

ఇంటికొచ్చి టీవీ పక్కన చార్జింగుకు పెట్టగానే అక్క అడిగింది, "ఇదేంది?" అని. నేను బావ వైపు చూశాను. బావ గోడ వైపు చూసి, "డాక్టరిచ్చిండు. ఊపిరి మిషన్" అన్నాడు. నేను తాగుతున్న మంచినీళ్లు ముక్కులోంచి వచ్చాయి. అక్క మాత్రం ఎంత సంబరపడిందో చెప్పలేను. ఆనాటినుంచి ఆ గొట్టం బాధ్యతంతా తనే తీసుకుంది. "మిషన్ పీల్చినరా? కడుపునిండ పీల్చుండ్రి. ఇంకొక నాలుగు సార్లు" అని పూటపూటా దగ్గర కూర్చుని పీల్పించేది. బావ పొగ వదులుతుంటే నాకు చూపించి, "చూడు తమ్మీ, లోపలి కుళ్లంత ఎట్ల ఎల్లుతుందో" అనేది. ఆ గొట్టం కారి కారి బావ పెదవులకు తీపిజిగురు అంటుకునేది. జేబులో వేడెక్కి ఒకసారి చొక్కాకు చిల్లు కూడా పడింది. అన్నిటికన్నా పెద్ద చిక్కేమిటంటే, దానితో ఆయనకు తృప్తి కలిగేది కాదు. ఇంట్లో దాన్ని పీల్చి, స్టోర్సు వెనక గోడ చాటున అసలుది ముట్టించేవాడు. ఆ పెట్టెలు తెచ్చిచ్చేది నేనే. సిగరెట్టు మానడానికి కొన్న గొట్టం వల్ల ఆయనకు సిగరెట్లతోపాటు గొట్టం కూడా అలవాటైంది.

ఇంతలో ఆయుధపూజ వచ్చింది. మా జిల్లాలో ఆ రోజు పూజ అందుకోని ఇనుము ఉండదు. ట్రాక్టరు, స్కూటరు, కొడవలి, కుట్టుమిషను, చివరికి కత్తిపీటకు కూడా పసుపు కుంకుమ, చేమంతిపూలు పెడతారు. మనకు అన్నం పెట్టేదీ, మనల్ని కాపాడేదీ ఏదైనా ఆ రోజు దేవుడే. అక్క వాకిట్లో స్కూటరు కడిగి దండ వేసింది. దాని ముందు పీట వేసి, కుట్టుమిషను కత్తెర, బావ స్పానర్లు, నా టెస్టరు వరుసగా పెట్టింది. అన్నిటికీ నడుమ, ఎత్తుగా, రాగిచెంబు మీద ఆ గొట్టాన్ని నిలబెట్టింది. దానికి గంధం, కుంకుమ, పైన ఒక మందారం. మీట ఉన్నచోట కుంకుమబొట్టు చక్కగా కుదిరింది కూడా. నాకు నవ్వాగక స్కూటరు వెనక్కి పోయాను. అక్క కర్పూరం వెలిగించి, కళ్లు మూసుకుని, "ఈయన ఊపిరి చల్లగ ఉండనీ తల్లీ. నాకింకేమొద్దు" అంది. మెల్లగా అన్నది గానీ మాకిద్దరికీ వినిపించింది. నా నవ్వు పోయింది.

బావ అక్కడ నిలబడలేకపోయాడు. "దాన్ని తియ్యి" అన్నాడు. అక్క కళ్లు తెరిచింది. "అది డాక్టరిచ్చింది కాదు" అన్నాడు. "తెలుసు" అంది అక్క. పక్కింటి అవ్వకు ఆయాసం ఉంటే ఆమెకూ ఒకటి ఇప్పిద్దామని, అంతకుముందు వారం గొట్టాన్ని కొంగులో చుట్టుకుని కాలనీ దవాఖానాకు తీసుకెళ్లిందట. అక్కడి సిస్టరమ్మ చూసి పడీపడీ నవ్వి, ఇది సిగరెట్టుకు బదులు పీల్చేదని చెప్పిందట. "మరి పూజెందుకు చేస్తున్నవ్?" అన్నాడు బావ. "మిషన్ దొంగదైతేంది? సిగరెట్టు మానింది నిజమే గద. దండం దానికి పెడుతున్న" అంది.

నిజం తెలిసినవాళ్లం ఇద్దరం ఉన్నాం అక్కడ. మాలో చిన్నవాడు చెప్పులు చూసుకుంటున్నాడు. బావ స్కూటరు దండను పక్కకు జరిపి, డిక్కీ తెరిచి, లోపల గుడ్డలో చుట్టిన సిగరెట్టు పెట్టె తీసి పీటమీద పెట్టాడు. "మానలే" అన్నాడు. ఆ ఒక్కమాటే. అక్క తిడుతుందనుకున్నాను. తిట్టలేదు. ఉన్నచోటే నేలమీద కూర్చుంది. "మామ వీపు నిమిరిన చెయ్యి ఇది" అంది తన అరచెయ్యి చూసుకుంటూ. "మల్లొకసారి నాతోని కాదు. నేను జెయ్యలేను." నకిలీ, అసలు, కంపెనీవాడు, దొంగ మీద దొంగ అంటూ మేము బస్సులో చేసిన వాదంలో నాకు ఆ క్షణాన ఒక్కమాట కూడా గుర్తురాలేదు.

పూజ మధ్యలో ఆపకూడదు కదా. బండి చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి, వాటిమీదుగా బండి నడిపితే గాని పూజ అయినట్టు కాదు. బావ అక్క పెట్టిన నిమ్మకాయలు తీసేసి, ముందు చక్రం కింద గొట్టం పెట్టాడు, వెనక చక్రం కింద పెట్టె పెట్టాడు. స్కూటరెక్కి ముందుకు పోనిచ్చాడు. పెట్టె చితికింది గానీ గొట్టం పగల్లేదు. "మజ్‌బూత్ ఉన్నది బావా" అన్నాను, నోరు ఊరుకోక. ఆయన నా వైపు చూడకుండా వెనక్కి తెచ్చి మళ్లీ ఎక్కించాడు. ఈసారి లోపల ఏదో చిటపటమంది, చక్రం కిందనుంచి తెల్లటి పొగ లేచింది. వాకిలంతా మీఠాపాన్ వాసన. అక్క ఉలిక్కిపడి లేచి చెంబులో నీళ్లు తీసుకొచ్చి గుమ్మరించబోయి, తొందరలో సగం బావ మీదే పోసింది. నుదుటి కుంకుమ కారుతున్న మొహంతో ఆయన స్కూటరు మీద అలాగే కూర్చున్నాడు. అక్క కళ్లు తుడుచుకుంటూనే నవ్వింది. నవ్వుతూనే మళ్లీ ఏడ్చింది.

ఆ రోజుతో బావ సిగరెట్టు మానేశాడని రాస్తే చదవడానికి బాగుండేది. కానీ అలా జరగలేదు. ఆ తర్వాత చాలాసార్లు జారాడు. కాకపోతే ఒక మార్పొచ్చింది. జారిన రోజు గుమ్మంలో చెప్పులు విడుస్తూనే, అక్క అడగకముందే, "ఇయ్యాల ఒకటి తాగిన" అనేవాడు. అక్క మొహం చిన్నబుచ్చుకుని, "సరే, కాళ్లు కడుక్కోండ్రి, అన్నం తిందురు" అనేది. పోను పోను ఆ మాట చెప్పే రోజులు తగ్గిపోయాయి. ఎప్పుడు పూర్తిగా ఆగిపోయాయో ఎవరం గమనించలేదు. ఇప్పుడు తెల్లవారి ఆ ఇంట్లో దగ్గు వినబడదు.

నేను మాత్రం ఆ రోజుల్లో, అలా గుమ్మంలో నిలబడి తలవంచుకుని చెప్పే బావను చూసి పెదవి విరిచేవాణ్ణి. మగవాడన్నాక మానితే ఒక్కదెబ్బకు మానాలి, లేదా చెప్పకుండా తాగాలి, ఇదేం బతుకని అనుకునేవాణ్ణి. తర్వాత నాకూ పెళ్లయింది. ఇంట్లో చెప్పాల్సిన చిన్నమాట ఒకటి గొంతులో పెట్టుకుని, మా వీధి మలుపులో బండి ఆపి ఊరికే నిలబడిన సాయంత్రాలు నాకూ ఉన్నాయి. అలా నిలబడినప్పుడు బావను చూసి పెదవి విరిచిన ఆనాటి ఆ సర్వజ్ఞుడు గుర్తొస్తాడు. వాడి మీద కోపం రాదు. పాపం, వాడికేం తెలుసని నవ్వుకుని బండి ఇంటివైపు తిప్పుతాను.