పంది మెచ్చిన పెళ్లికొడుకు

ఉద్యోగం ఖాయమై, బుద్ధి మాత్రం ఇంకా ప్రొబేషన్‌లోనే ఉన్న రోజులవి. నానక్‌రామ్‌గూడలో ఒక ఇరుకు గదిలో నేనూ, ఆఫీసంతా 'సైంటిస్టు' అని పిలిచే నా స్నేహితుడూ ఉండేవాళ్లం. (వాడు చేసేది సాఫ్ట్‌వేర్ టెస్టింగ్.) నల్లగండ్లలో నాకు పెళ్లిచూపులని తెలియగానే, వాడు ఆన్‌లైన్‌లో తెప్పించిన ఒక సీసా తీశాడు. "ఇండ్ల ఆండ్రోస్టెనోన్ ఉందిరా. మగ హార్మోన్ల జాతిది. మన చెమటల గూడ జరంత ఉంటదట. ఇది కొట్టుకొని పో, పిల్ల కదలకుండ నిలబడతది" అన్నాడు. మూత తీసి చూస్తే నాకు ఏ వాసనా తగల్లేదు. ఖరీదైన సెంట్లు అలాగే ఉంటాయి కాబోలనుకుని, చొక్కా తడిసేదాకా కొట్టుకున్నాను.

షేర్ ఆటోలో నా పక్కనున్న పెద్దాయన ముక్కు మూసుకుని మధ్యలోనే దిగిపోయాడు. పాపం, జలుబేమో అనుకున్నాను. మలుపులో చెత్తకుప్ప దగ్గర ఒక ఆడపంది ఆటోకు అడ్డంగా వచ్చింది. హారన్ కొట్టినా కదలదు. "జర దిగి తోలన్నా" అన్నాడు డ్రైవర్. దిగాను. అది నేరుగా నా దగ్గరికొచ్చి, చెవులు నిక్కబొడుచుకుని, నా కాళ్లకు ఆనుకుని బిగుసుకుపోయింది. తోసినా కదలదు. డ్రైవర్ కాసేపు చూసి, "మీకు ఎరుకనా అన్నా?" అన్నాడు, ఎంతో మర్యాదగా.

బురద ప్యాంటుతోనే అమ్మాయి వాళ్లింట్లో కూర్చున్నాను. అమ్మాయి వాళ్ల నాన్నగారు లేచి, "బాత్‌రూమ్ తలుపు వేశారా?" అని అడిగి కిటికీలన్నీ తెరిచారు. వాళ్ల బామ్మగారేమో, "గంధం తీశారామ్మా? ఎంత బాగుందో" అన్నారు. మమ్మల్నిద్దరినీ మాట్లాడుకోమని బాల్కనీలోకి పంపగానే, పశువైద్యం చదివిన ఆ అమ్మాయి, "ఏం సెంటండీ అది?" అంది. గర్వంగా పేరు చెప్పాను.

ఆమె నా ప్యాంటుకున్న బురద వంక చూసింది. "దారిలో పంది ఏమైనా ఎదురొచ్చిందాండీ?"

"వచ్చింది. నిలబడిపోయింది."

"ఎదకొచ్చి ఉంటుందండి. మగపంది నోటి నురగలో ఉండేది అదే. ఆ వాసన తగిలితే ఆడపంది అలా నిలబడిపోతుంది. ఫారాల్లో ఎద పరీక్షకు దాన్నే స్ప్రే కొడతాం."

"మరి నాకు వాసనే రావడం లేదే?"

"కొందరికి పుట్టుకతోనే తెలియదండి. కొందరికి గంధంలా ఉంటుంది. ఇంకొందరికి..." అంటూ లోపల విసురుకుంటున్న నాన్నగారి వంక చూసింది. తర్వాత గొంతు తగ్గించి, "నాకు పందుల ఫారంలోనే ఉద్యోగమండి. ఇదివరకు వచ్చిన సంబంధాలన్నీ ఈ వాసన దగ్గరే ఆగిపోయాయి. మీకు నిజంగానే తెలియదా?" అంది.

"ఒట్టండీ" అన్నాను.

పెళ్లయి చాలా ఏళ్లయింది. ఆవిడ ఫారం నుంచి రాగానే పిల్లలు గదిలోకి పోయి తలుపేసుకుంటారు. నేను మాత్రం పక్కనే కూర్చుని టీ తాగుతాను. అప్పుడప్పుడు చొక్కా తడుపుకుని బయల్దేరిన ఆ కుర్రాడు గుర్తొస్తాడు. తన మీద తనకు అంత నమ్మకమున్న మనిషిని నేను మళ్లీ ఎక్కడా చూడలేదు, అద్దంలో కూడా.