అతుకు లేని కడ్డీ

మా అత్తయ్య పోయిన కబురు పక్కింటి వాళ్ళ ఫోనుకి వచ్చింది. అవతలి మనిషి రెండు మాటలు చెప్పి పెట్టేశాడు. "మీ నర్సమ్మగారు పోయారండి. కారు కాలవ వైపు పోయింది." మొదటి మాట నిజం. రెండోది అబద్ధం. బాపట్లలో మా వీధి దాటేసరికి ఆ రెండోదే పెద్దదైపోయింది.

జరిగింది ఇది. రేపల్లె దగ్గర ఒక ఊళ్ళో కాన్పు చేసి, పొద్దున్నే ఇంటికి వస్తోంది. కర్లపాలెం ఇంకా రాకముందు కాలవ పక్కనే రోడ్డు గట్టిగా వంపు తిరుగుతుంది. ఆ మలుపు దాటాక ఛాతీలో నొప్పి వచ్చి ఉంటుంది. కారుని రోడ్డు మీద నుంచి పక్కకి తీసి, గట్టు వాలు మీద ఆపి, చేతి బ్రేకు లాగి, స్టీరింగు మీద తల ఆనించింది. గడ్డిమోపులతో వస్తున్న ఆడవాళ్ళు చూసి బస్సు ఆపారు. ఆస్పత్రికి చేరేసరికే గుండె ఆగిపోయిందని డాక్టరుగారు చెప్పారు. కారుకి ఒక్క గీత కూడా పడలేదు. కానీ వాలు మీద నిలబడ్డ కారు ఒక పక్కకి ఒరిగి కనపడుతుంది కదా. చూసినవాళ్ళకి అది చాలింది.

అచ్చు వేయించిన కార్డు మీద 'ప్రభువునందు నిద్రించిరి' అని ఉంది. అందరికీ అలాగే వేస్తారు. అత్తయ్య తీరిగ్గా నిద్రపోవడం మాత్రం నేనెప్పుడూ చూడలేదు. కుర్చీలో చెప్పులతోనే కునుకు తీసేది. ఎవరైనా గేటు తీస్తే ముందు లేచి నిలబడి, ఆ తర్వాత కళ్ళు తెరిచేది. "పిల్లలు టైము చూసుకుని పుట్టరే" అనేది.

ఆవిడ మా నాన్నకి అక్క, కాన్పులు చేసే నర్సు. పెళ్ళి చేసుకోలేదు. ఎందుకు అని అడిగినవాళ్ళకి "కబురు పెట్టారు, నేను కాన్పుకి వెళ్ళాను, వచ్చేసరికి వాళ్ళు వెళ్ళిపోయారు" అని చెప్పేది. నిజమో కాదో ఎవరికీ తెలీదు. రిటైరైన ఒక డాక్టరు దగ్గర ఆ పాత తెల్ల కారు కొనుక్కుంది. బస్సు దొరకని ఊళ్ళ నుంచి నొప్పులు పడుతున్న వాళ్ళని వెనక సీటులో పడుకోబెట్టి తీసుకొచ్చేది. ఇది చదివే మీలో చాలామంది ఇళ్ళలో అలా వచ్చిన తల్లులున్నారు. ఆ సీటులోనే పుట్టినవాళ్ళు కూడా ఉన్నారు.

ఆ కారుకి ఒక జబ్బు ఉండేది. మలుపు వస్తే చాలు, పడవలా ఒరిగిపోయేది. సీటులో పడుకున్న మనిషి జారి తలుపుకి కొట్టుకునేది. ఒకసారి కర్లపాలెం నుంచి వస్తున్న ఒకావిడ, "నొప్పులు ఓర్చుకుంటానమ్మా, ఈ మలుపులు ఓర్చుకోలేను" అని ఏడ్చింది. అత్తయ్య ఇంటికొచ్చి అన్నం తినకుండా ఆ మాటే చెప్పింది. మర్నాడే తెనాలి వెళ్ళి, కార్లు బాగుచేసే తన మేస్త్రి షెడ్డులో కారు పెట్టింది.

ఆ రోజు నేనూ ఉన్నాను. తెనాలిలో అమ్మమ్మ ఇంటికి వెళ్తానని నాన్నకి చెప్పాను. అమ్మమ్మని చూశాను కూడా, కాసేపు. మిగతా రోజంతా షెడ్డులోనే.

మేస్త్రి కారు కింద చూసి, ముందు చక్రాలు రెండింటినీ కలుపుతూ అడ్డంగా ఉన్న సన్నటి ఇనప కడ్డీ చూపించాడు. అది ఇంకా లావుది అయితే ఒరగడం తగ్గుద్దన్నాడు. అత్తయ్యకి ఏదైనా వినగానే నమ్మే అలవాటు లేదు. గుడ్డ పరుచుకుని తనే కిందకి దూరింది. చీర కుచ్చిళ్ళు మోకాళ్ళ మధ్య దోపుకుని, తల మాత్రం బయట పెట్టి, నాకు పాఠం చెప్పింది.

"చూడవే. రెండు చక్రాలూ కలిసి లేస్తే ఇది తనకేం పట్టనట్టు ఊరుకుంటది. ఒక్కటే లేస్తే మాత్రం మెలితిరిగి రెండోదాన్ని కూడా లాక్కొస్తది. ఒక్కదాన్నే ఒరగనియ్యదు."

కొత్తది తయారుచేయించే స్తోమత లేదు. పాత ఇనుము కొట్టులో విరిచేసిన వ్యాన్ల గుట్టలో వెతికితే ఒక లావు కడ్డీ దొరికింది. కొంచెం పొట్టి. అతుకు పెట్టి వెల్డింగు చేసేస్తానన్నాడు మేస్త్రి.

"వద్దు బాబూ. అది మెలి తిరగాల్సింది. అతుకు పెట్టిన చోట తిరగదు, విరుగుద్ది."

"మరి సరిపోయేది ఎక్కడ తెచ్చేది నర్సమ్మగారూ? మీరేమన్నా కంటారా?"

"నేను కననయ్యా, కనేవాళ్ళ దగ్గర పట్టుకుంటా అంతే. వెతుకు."

అతుకు లేకుండా సరిపోయే కడ్డీ కోసం ఆ కొట్టు చుట్టూ చాలాసార్లు తిరిగాం. చివరికి దొరికింది. దాన్ని బిగించే చోట మెత్తగా రబ్బరు ఉండాలి. పాతవి పిండిపిండిగా రాలిపోయాయి. వాటికీ దారి అత్తయ్యే చూపించింది. తెనాలిలో బియ్యం మిల్లులకి తక్కువేంటి? వడ్లు పొట్టు తీసే రబ్బరు రోలర్లు అరిగిపోతే మిల్లు వెనక పారేస్తారు. ఒక మిల్లు వాళ్ళ ఇంట్లో పుట్టిన మనవరాలు అత్తయ్య చేతుల్లోనే కళ్ళు తెరిచింది. ఆ పెద్దాయన ఒక రోలరు సంచీలో పెట్టి పంపించాడు. మేస్త్రి దాన్ని ముక్కలు కోసి, బెజ్జం పెట్టి, కడ్డీకి తొడిగాడు. వాటికి తవుడు వాసన ఎంతకీ పోలేదు.

ఇక్కడ ఒక పొరపాటు జరిగింది. దాన్ని కూడా చెప్పాలి. చెప్పకపోతే నేనూ ఆ పుకార్ల వాళ్ళలాంటిదాన్నే అవుతాను. ఆ లావు కడ్డీని మొదట కారు వెనక బిగించారు. పడుకునే మనిషి వెనక కదా ఉండేది, అందుకని వెనకే ఉండాలనుకున్నారు ఇద్దరూ. మందు నొప్పి ఉన్నచోటే రాయాలి అన్నట్టు. కారు ఒరగడం తగ్గింది, మేమంతా సంతోషపడ్డాం. తర్వాత ఒక వాన రోజు అదే కాలవ మలుపులో కారు వెనక భాగం జర్రున పక్కకి జారింది. నేను వెనక సీటులో ఉన్నాను. అత్తయ్య బ్రేకు తొక్కలేదు, స్టీరింగు నెమ్మదిగా తిప్పి కారుని దారిలోకి తెచ్చింది. తర్వాత ఆపి, మంచినీళ్ళు తాగి, చాలాసేపు కాలవ వైపు చూసింది.

"స్ట్రెచర్ ఎత్తేటప్పుడు వెనకవాడు బిగుసుకుని ముందువాడు వదులుగా ఉంటే ఏమవుద్ది? వెనకవాడు పక్కకి పోతాడు. ముందువాడు కదా గట్టిగా ఉండాల్సింది" అంది, నాతో కాదు, తనలో తను.

మళ్ళీ తెనాలి. వెనకది పూర్తిగా తీసేశారు. ఈసారి ముందువైపుకి అమరేది వెతికారు, అదీ అతుకు లేనిదే. ఆ రోలరు రబ్బరే దీనికీ తొడిగారు. మేస్త్రి కింద పడుకుని బిగిస్తుంటే అవతలి వైపు బోల్టు తిరిగిపోకుండా పానా పట్టుకోవడానికి మనిషి కావాలి. అత్తయ్య చేయి ఆ సందులో పట్టలేదు. నా చేయి పట్టింది. ఇంటికెళ్ళే ముందు ఆస్పత్రి స్పిరిటుతో, దూదితో, నా గోళ్ళలో గ్రీజు తుడిచింది. అప్పుడే పుట్టిన పిల్లని తుడిచినట్టు, ఒక్కో వేలూ విడదీసి. ఎక్కడిదా వాసన అని ఆ సాయంత్రం నాన్న అడిగాడు. అత్తయ్య దగ్గర కూర్చున్నానని చెప్పాను. అది కూడా నిజమే.

కారు జారిందని ఎవరో నాన్నకి చెప్పేశారు. ఇక ఆ కారెక్కద్దన్నాడు నాన్న. నేను ఎక్కాను. కడ్డీలు మార్చకముందే అత్తయ్య కారు లోపలి అద్దానికి, కట్లు కట్టే గాజుగుడ్డ పేలికతో ఒక పాత తాళంకప్ప వేలాడదీసింది. మలుపులో అది ఎంత పక్కకి ఊగుతుందో చూసి, అక్కడ ముందు గాజు మీద ప్లాస్టరు ముక్క అతికించేది. పాత కడ్డీతో ఊగిన చోట ఒకటి, దాని మీద పెన్నుతో 'ముందు' అని. కొత్తదాంతో, అదే వేగంతో ఊగిన చోట ఇంకోటి, 'ఇప్పుడు' అని. రెండింటికీ మధ్య నా జానెడంత ఎడం. ఇంజను శబ్దం మించి నవ్వింది ఆ రోజు.

ఇక అత్తయ్య పోయాక మా ఇంట్లో పెట్టిన ఆదరణ కూడికలో ఏం విన్నానో చెప్తాను. పాస్టరుగారు ప్రార్థన ముగించి టీలు వచ్చాయి. వరండాలో కుర్చీలు వేసుకున్న మగవాళ్ళు మొదలుపెట్టారు. ఆడమనిషి కారు కింద దూరితే ఏమవుద్ది, ఇదే అవుద్ది అన్నాడు ఒకాయన. వ్యాను కడ్డీ తెచ్చి అతికించిందంట, ఆ వెల్డింగు పుటుక్కున ఊడింది, కారు కాలవ వైపు లాగింది, ఆ భయానికే గుండె ఆగిందని ఇంకొకాయన తేల్చేశాడు. ఆయన కూతురు ఆ వెనక సీటులోనే ఆస్పత్రికి వెళ్ళింది. ఆ మనవడు అక్కడే బిస్కెట్లు తింటున్నాడు.

ఇంకో మాట కూడా వచ్చింది. కబురు తెలియగానే మేస్త్రి తెనాలి నుంచి బస్సులో వచ్చి, కారు నడుపుకుంటూ షెడ్డుకి తీసుకెళ్ళాడు. తప్పు దాచుకోవడానికే పట్టుకుపోయాడన్నారు. వెల్డింగు ఊడిన కారుని ఆయన ఎలా నడుపుకుంటూ వెళ్ళాడో ఒక్కరూ అడగలేదు. నేనూ అడగలేదు. ట్రే పట్టుకుని నిలబడ్డాను. తల వంచుకుని ట్రేలో గ్లాసులు లెక్కపెడుతుంటే, పాపం పిల్ల ఏడుస్తోందనుకున్నారు. ఏడుపు కాదది.

నాన్న వాళ్ళకి రెండోసారి టీ పోయించాడు. అందరూ వెళ్ళాక మాత్రం, కారుని పాత ఇనుముకి వేసేస్తానన్నాడు. ఊరికి ఆ కారు కనపడినన్నాళ్ళూ అక్క అలా పోయిందనే చెప్పుకుంటారన్నాడు. అప్పుడు నాకు భయం వేసింది. కారు ముక్కలైపోతే ఇక ఎవరు చూస్తారు, ఎవరు నమ్ముతారు? ఊళ్ళో అందరూ అన్నదే మిగిలిపోతుంది.

అమ్మమ్మ ఇంటికి వస్తానని చెప్పి నాన్నతో తెనాలి వెళ్ళాను. షెడ్డులో మేస్త్రి లేచి నిలబడ్డాడు. గడ్డం పెరిగి ఉంది. కారు తుడిచి పెట్టాడు.

"ఇనుము కొట్టు వాళ్ళని పిలువయ్యా" అన్నాడు నాన్న.

"ఒకసారి కింద చూడండి సార్. చూశాక మీ ఇష్టం."

"ఏం చూడాలి? వెల్డింగు ఊడిందని ఊరంతా అంటోంది."

మేస్త్రి నా వైపు చూడలేదు. చూసి ఉంటే నేను మాట్లాడేదాన్ని కాదేమో. ఆయన నా సంగతి చెప్పకుండా, తన మీద పడ్డ మాట పడనిచ్చి, నేల చూస్తూ నిలబడ్డాడు.

"వెల్డింగే లేదు నాన్నా" అన్నాను.

"నీకేం తెలుసు?"

"అవతల పానా పట్టుకుంది నేనే."

కొడతాడనుకున్నాను. నాన్న నా చేతుల వైపు చూశాడు. ఆ స్పిరిటు వాసన గుర్తొచ్చిందేమో తెలీదు. నేను ఆగకుండా గుడ్డ పరిచి కారు కిందకి వెళ్ళిపోయాను. అక్కడి నుంచి నాకు నాన్న బూట్లు మాత్రమే కనపడ్డాయి. అవి అలాగే ఉన్నాయి కాసేపు. తర్వాత ఇస్త్రీ మడత చెడని ప్యాంటు మోకాళ్ళు నేలకి ఆనాయి. తర్వాత నాన్న మొహం.

కడ్డీ ఈ చివరి నుంచి ఆ చివరిదాకా వేలితో తడిమాడు. అతుకు కోసం వెతికాడు. మళ్ళీ తడిమాడు. రబ్బరు ముక్కని నొక్కి చూసి వేలు వాసన చూసుకున్నాడు.

"ఇదేంటి, తవుడా?"

"మిల్లు రోలరు" అన్నాను.

నాన్న ఇంకోసారి కడ్డీ మీద చేయి వేశాడు. "అక్కే నాకు కారు నేర్పింది" అన్నాడు. నాకు ఆ సంగతి అప్పటిదాకా తెలీదు.

ఇనుము కొట్టుకి ఎవరూ వెళ్ళలేదు. నాన్న తాళాలు తీసుకున్నాడు. తెనాలి నుంచి బాపట్లకి దగ్గర దారి వేరే ఉంది. "రేపల్లె మీదుగా పోదాం" అన్నాడు.

ఇప్పటిదాకా ఆ వరండాలో మాట్లాడినవాళ్ళలో ఒక్కరూ తిరిగొచ్చి పొరపాటన్నామని అనలేదు. అందుకే ఇది రాస్తున్నాను. ఇంట్లో దీని గురించి ఏమంటారో తెలీదు. అయినా మీరు ఆవిడ చేతుల్లో పుట్టినవాళ్ళు. మీకు తెలియాలి.

ఆ రోజు రేపల్లె మీదుగా వస్తుంటే కాలవ మలుపు వచ్చింది. గట్టు వాలు మీద నలిగిన గడ్డి ఇంకా పూర్తిగా లేవలేదు. నాన్న వేగం తగ్గించలేదు. కారు ఒరగకుండా వంపు తిరిగింది. తాళంకప్ప పక్కకి ఊగి, 'ఇప్పుడు' అన్న ప్లాస్టరు ముక్క దాకా వెళ్ళి, దాన్ని దాటకుండా వెనక్కి వచ్చింది. నాన్న రోడ్డు చూడటం లేదేమో అనిపించింది నాకు, దాన్నే చూస్తున్నాడు. కొంత దూరం పోయాక కారు ఆపి, వెనక్కి తిప్పి, మళ్ళీ ఆ మలుపు వైపే పోనిచ్చాడు. గాజుగుడ్డ పేలికకి ఆ తాళంకప్ప మధ్యలోకి వచ్చి, అటూ ఇటూ కొంచెం కొంచెంగా ఊగుతూ ఉంది.