పాస్టరమ్మ ఇసుక వేయించని రోజు

పాస్టరమ్మ పోయిందని ఫోను వచ్చినప్పుడు నేను మేముండే ఖానాపురం హవేలి సెంటర్లో షేర్ ఆటో కోసం నిలబడి ఉన్నాను. ఆటో వచ్చింది, ఎక్కలేదు. ఇంకోటి వచ్చింది, అదీ ఎక్కలేదు. ఇంటికి తిరిగొచ్చి స్టవ్ వెలిగించాను. ఎందుకు వెలిగించానో తెలియక ఆర్పేశాను. ఆమె ఊరు పినపాక వెళ్లి, మట్టి అయ్యేదాకా ఉండి వచ్చి వారం దాటింది. ఇప్పటికీ ఒకచోట కూర్చోలేకపోతున్నాను. కాలు నిలవనప్పుడు ఏం చేయాలో నేర్పిన మనిషి ఆమే. అందుకే ఆమె గురించి రాస్తున్నాను.

పెళ్లయిన కొత్తలో మేము ఆమె ఇంటి వెనక గదిలో కిరాయికి ఉండేవాళ్లం. ఆమె భర్త పాస్టరుగారు అప్పటికే పోయారు. ఇంటి ముందుగదే చర్చి. ఆదివారం పూట వేరే పాస్టరు వచ్చి వాక్యం చెప్పి వెళ్లేవాడు గానీ, ఊరందరికీ పాస్టరమ్మ అంటే ఈమే. మేము చర్చికి పోయేవాళ్లం కాదు. రమ్మని ఆమె ఒక్కసారీ అనలేదు. కానీ బిస్కెట్లు చేసిన రోజు మా వాటా మా గుమ్మంలోకి వచ్చి తీరేది.

ఆపిల్ అంటే మా వైపు జ్వరమొచ్చినవాళ్లు తినే పండు. వానాకాలం మలేరియాతో దవాఖానాలో పడి లేచినవాళ్లు కృతజ్ఞతగా ఆ పండ్లే తెచ్చి చర్చిలో పెట్టేవారు. అప్పటికే సగం మెత్తబడి ఉండేవి. పాస్టరమ్మ వాటిని తొక్కతోనే తురిమి, పలచటి గుడ్డలో వేసి పిండేది. ఆ రసంలో బెల్లం వేసి పాకం పట్టి, తురుము, మైదా, వెన్న, యాలకుల పొడి, చిటికెడు వంటసోడా కలిపేది. ఓవెన్ ఎక్కడిది మాకు? మందపాటి సత్తు గిన్నెలో గోదావరి ఇసుక పోసి బొగ్గుల పొయ్యి మీద పెట్టి, దానిలో బిస్కెట్ల పళ్లెం దించి, మూత మీద నిప్పులు పోసేది. "పండ్లు పంచితే కొట్లాట, బిస్కెట్లు పంచితే ప్రార్థన" అనేది.

పనిలో నోరు మాత్రం ఊరుకునేది కాదు. నేను గుడ్డ పిండుతుంటే చూసి, "ఏంది బిడ్డా, పండుకు చక్కిలిగింతలు పెడుతున్నవా?" అనేది. ఇసుక దగ్గర అయితే మరీ చాదస్తం. వానాకాలం ఇసుకలో తడి ఉంటుందని, ముందు దాన్ని చిటపటలాడేదాకా వేయించి గానీ పళ్లెం పెట్టనిచ్చేది కాదు. తడి ఇసుకలో బిస్కెట్ కాదు, కుడుము అవుతుందని ఎన్నిసార్లు చెప్పిందో.

మా ఆయన వాగు అవతల అడవి ఊళ్లో పంతులు. వారమంతా అక్కడే ఉండి, శనివారం ఒంటిపూట బడి కాగానే జీపెక్కి మధ్యాహ్నం భోజనానికి ఇంటికి వచ్చేవాడు. ఆ శనివారం ముసురు పట్టింది. భోజనం వేళ దాటిపోయింది. సెల్‌ఫోన్లు మా దాకా రాని రోజులు. నేను గేటుకీ గదికీ మధ్య తిరుగుతుంటే పాస్టరమ్మ బజారు నుంచి గొడుగు ముడుచుకుంటూ వచ్చింది. నన్ను చూసి ఆగింది.

"సారు రాలే?"

"ఇంక రాలే అమ్మా. వాగు గిట్ల వచ్చిందంటవా?"

"వాగు రాకుంట వానకాలం ఎట్లయితది? రా, పండ్లు మురుగుతున్నయ్. చేతులకు పని చెప్పు. మనసు దాని ఎంబడి వస్తది."

తురిమాను. పిండాను. చుక్క రసం రాకపోయినా మళ్లీ పిండాను. రోడ్డు మీద బండి చప్పుడైతే చాలు, వాన తగ్గిందేమో చూస్తానని ఆమె గేటు దాకా వెళ్లొచ్చేది. చాలాసేపటికి మూత తీస్తే గుప్పున ఆవిరి కొట్టింది. బిస్కెట్లన్నీ తెల్లగా ఉబ్బి ఒకదానికొకటి అంటుకుపోయాయి. వరండాలో జల్లుకు తడిసిన ఇసుకను ఆమె వేయించకుండానే పళ్లెం పెట్టేసింది. అంత గుబులులోనూ నాకు నవ్వొచ్చింది.

"అమ్మా, నువ్వే కుడుములు చేసినవ్."

ఆమె నవ్వలేదు. "దించు, మళ్ల వేద్దాం" అంది. ఆ పిండి అయిపోతే ఇంకొంచెం కలిపింది. అదీ అయిపోతే మళ్లీ కలిపింది.

దీపాలు పెట్టే వేళకు మా ఆయన వచ్చాడు. జీపు అందక, అడవిదారిన పైనున్న వంతెన దాకా చుట్టు తిరిగి నడిచి వచ్చాడట. తాను ఎక్కాల్సిన జీపు వాగులో కొట్టుకుపోయిందని, అందులోవాళ్లు కొమ్మలు పట్టుకుని బతికారని దారిలో విన్నాడట. ఆ మాట నేనూ పాస్టరమ్మా అప్పుడే ఆయన నోట విన్నామని ఇన్నేళ్లూ అనుకున్నాను.

మొన్న మట్టి అయ్యాక పాస్టరమ్మ కూతురు నాకు టీ ఇస్తూ ఆ రోజు మాటెత్తింది. "అమ్మ నీకు చెప్పనే లేదా అక్కా? జీపు కొట్టుకపోయిందని ఆమెకు బజార్లనే చెప్పిన్రు. ఎవరెవరు ఎక్కిన్రో ఎవ్వరికీ ఎరుక లేదన్నరంట. ఖాయంగ తెల్వని దానికి ఆ పిల్లనెందుకు ఏడిపియ్యాలె అని ఊకున్నదంట."

నాకు ముందు కోపమొచ్చింది. నా మనిషి ఉన్నాడో లేడో తెలియని పూట నాచేత పండ్లు తురిమించిందా అని. గ్లాసు అక్కడే పెట్టి చర్చి వాకిట్లో అటూ ఇటూ తిరిగాను. తిరగ్గా తిరగ్గా తెలిసొచ్చింది. ఆ మధ్యాహ్నం నేను ఎదురుచూశాను, అంతే. భయమంతా ఆమె ఒక్కతే పడింది. నాకు తెలిసిందమ్మా అని ఒక్కమాట చెప్పాలని ఉంది. చెప్పడానికి ఆమె లేదు.

ఆ శనివారం సాయంత్రం గేటు చప్పుడుకి నేను లేచేలోపే ఆమె పిండి చేతులతో వరండాలోకి పరుగెత్తింది. మా ఆయన భుజం పట్టుకుని కాసేపు అలాగే నిలబడింది. తర్వాత ఎప్పటి గొంతుతోనే, "కాళ్లు కడుక్కోండి సారూ, బిస్కెట్లున్నయ్" అని పొయ్యి దగ్గరికి వెళ్లిపోయింది. ఆయన లోపలికి వచ్చి చొక్కా విప్పి నాకిచ్చాడు. దాని భుజం మీద జిగట పిండితో ఆమె అరచేయి, అయిదు వేళ్లూ అచ్చుపడి ఉన్నాయి.