గోడకు ఇజ్జతిచ్చిన మేస్త్రి

మొన్న మంగళవారం పొద్దున ఎనిమిదింటికి మేస్త్రి గారి అమ్మాయి ఫోన్ చేసి, "అన్నా, నాయిన పోయిండు" అంది. ఆయన మంచాన పడి చాలా నెలలైంది, రావలసిన కబురే వచ్చింది. అయినా నాకు ముందు ఏడుపు రాలేదు, భయం వేసింది. తొమ్మిదేళ్లుగా ఆయనకు ఒక క్షమాపణ చెప్పాలనుకుంటూ, రేపు రేపంటూ దాటేశాను. ఇక ఎవరికి చెప్పాలి?

నేను సినిమాల్లో కార్లు నడిపేవాణ్ణి. హీరో కారెక్కి తలుపు వేసుకుంటాడు, కట్ అంటారు, ఆయన దిగిపోతాడు. ఆయన తొడుక్కున్నటువంటి చొక్కాయే తొడుక్కుని నేను ఎక్కుతాను. కారు గాల్లోకి లేచినప్పుడు మీరు హాల్లో ఈలలు వేసి ఉంటారు. లోపల కూర్చున్నవాడికి మాత్రం నోట్లో తడి ఉండేది కాదు. ఇది ధైర్యవంతుల పని అని అందరూ అనుకుంటారు గానీ, నా అంత పిరికివాడు ఫిల్మ్‌నగర్ మొత్తం వెతికినా దొరకడు. షాట్ ఉన్న రోజు పొద్దున నాకు ఇడ్లీ ముక్క కూడా దిగేది కాదు. అలాంటివాణ్ణి ఇరవై ఏళ్లు ఆ పనిలో నిలబెట్టింది మేస్త్రి.

ఆయన షెడ్డు ఫిల్మ్‌నగర్ కొండ దిగేచోట, రెండు పెద్ద బండల మధ్య ఉండేది. బండి మొత్తం ఆయన ముట్టుకునేవాడు కాదు, హెడ్డు పని ఒక్కటే చేసేవాడు. ఇంజను నెత్తిన ఉండే దిమ్మ అది. గాలి లోపలికి పోయే దారులూ, పొగ బయటికొచ్చే దారులూ అందులోనే ఉంటాయి. పోత పోసినప్పుడు ఆ దారులు గరుగ్గా, ఇరుగ్గా వస్తాయి. వాటిని అరగదీసి నున్నగా, కాస్త వెడల్పుగా చేస్తే ఇంజను బాగా ఊపిరి పీల్చుకుంటుంది, బండికి ఊపు వస్తుంది. చిక్కల్లా ఎక్కడంటే, ఆ దారి గోడకు అవతలి పక్కనే ఇంజనును చల్లబరిచే నీళ్లు తిరుగుతుంటాయి. వెంట్రుకవాసి ఎక్కువ అరిగినా గోడ పల్చబడుతుంది. పల్చబడ్డ గోడ ఎప్పుడు పగులుతుందో దేవుడికే తెలియాలి. పగిలితే నీళ్లు ఇంజన్లోకి దిగుతాయి, బండి ఉన్నపళంగా చతికిలబడుతుంది.

"గాలికి తొవ్వియ్యాలె, గోడకు ఇజ్జతియ్యాలె" అనేవాడు మేస్త్రి, గాలికి దారివ్వాలి గానీ గోడ మర్యాద తీయకూడదని. చిన్న గ్రైండరుతో కాస్త గీకడం, కళ్లు మూసుకుని చూపుడువేలు లోపలికి పోనిచ్చి తడమడం, మళ్లీ గీకడం. ఒక్క హెడ్డుకు వారం పట్టేది. ఆ వేలిని ఆయన చంటిపిల్లలా చూసుకునేవాడు. వేడి టీ గ్లాసును కూడా బొటనవేలు, నడిమివేలుతోనే పట్టుకునేవాడు. చూపుడువేలు మాత్రం పైకి లేచి ఉండేది, ఎవరినో బెదిరిస్తున్నట్టు. పని అయ్యాక హెడ్డు కంతలన్నీ మూసి, లోపలికి గాలి కొట్టి నీళ్లతొట్టిలో ముంచేవాడు. బుడగలు వస్తే గోడకు చిల్లు పడినట్టు. ఆ కాసేపూ షెడ్డులో ఎవరూ మాట్లాడకూడదు. నాకైతే ఊపిరి కూడా ఆడేది కాదు.

ఆయనకు ఒక కట్టుబాటు ఉండేది. తన హెడ్డు బిగించిన బండి మొదటిసారి గట్టిగా తోలేటప్పుడు పక్క సీట్లో తనే కూర్చోవాలి. వద్దన్నా వినేవాడు కాదు. "నేను కోసిన దానికి జమానత్ నేనే తమ్మీ. నువ్వొక్కనివే ఎందుకు సావాలె?" అనేవాడు నవ్వుతూ. నా చేతులు వణకడం ఆ సీట్లోంచి చూసే ఒకసారి చెప్పాడు. "భయం బొడ్డు దాంక వస్తే రానీ, ఏం ఫికర్ లేదు. కాలు దాంక రానియ్యకు. భయపడ్డ కాలు పైకి లేస్తది. కాలు లేస్తే బండి పడ్తది." ఆ మాట పట్టుకునే నేను నాలుగు మెతుకులు తిన్నాను.

తర్వాత జూబ్లీహిల్స్ బండలు పేల్చి అద్దాల మేడలు కట్టే రోజులొచ్చాయి. మాదాపూర్ పక్క రాత్రికి రాత్రి ఊళ్లు లేచాయి. కంప్యూటర్ అన్న మాట తగిలిస్తే చాలు, చెప్పుల కొట్టుకైనా జనం ఎగబడేవాళ్లు. అలాంటి రోజుల్లో ఒక సినిమాకు, పేల్చి వదిలేసిన బండల మధ్య ఒక లోయ మీంచి చిన్న కారు దూకించాలన్నారు. ఎత్తుగా చెక్కల వాలు కట్టారు. వాలు చివర ఇంజను ఊపు ఏమాత్రం తగ్గినా కారు ముక్కు అవతలి బండకు కొట్టుకుంటుంది. ఆ ముక్కు వెనకాల ఉండేది నేను.

మేస్త్రి ఎప్పటిలాగే హెడ్డు సిద్ధం చేశాడు. ఈలోగా ప్రొడక్షన్ మేనేజరు కోయంబత్తూరు నుంచి ఇంకో హెడ్డు తెప్పించాడు, కంప్యూటరు మిషను మీద కోసినది. దాన్ని పసిబిడ్డలా చేతుల్లో పెట్టుకుని మాకు చూపించాడు.

"పర్ఫెక్ట్ అండీ ఇది. అన్ని దారులూ ఒకే సైజు, వెంట్రుక తేడా ఉండదు. మిషనుకి మూడ్ బాగాలేకపోవడం, చెయ్యి వణకడం ఉండవు కదండీ!"

ఫైట్ మాస్టరు నా వైపు తిరిగాడు. "తోలేది నువ్వు. ఏది పెడదామో నువ్వే చెప్పు" అన్నాడు.

మేస్త్రి అక్కడే నిలబడి ఉన్నాడు. ఆ పొద్దునే నేనొకటి చూశాను. ఆయన టీ గ్లాసును రెండు అరచేతులతో పట్టుకున్నాడు, అయినా టీ తొణికి చొక్కా మీద పడింది. మిషన్‌ది అందామని నోరు తెరిచాను. ఇరవై ఏళ్లు నా పక్కన కూర్చున్న మనిషి ముఖం చూసి, "మేస్త్రి గారిదే" అన్నాను. గొప్ప విశ్వాసంతో అన్నానని అందరూ అనుకున్నారు. ఎదురుగా కాదనడానికి భయపడి అన్నాను.

మధురానగర్‌లో మా ఇంటికి ఎలా వెళ్లానో నాకు గుర్తులేదు. అన్నం ముందు కూర్చుని, ఇదే ఆఖరి అన్నమేమో అనుకున్నాను. ముందు నుయ్యి, వెనక గొయ్యి. మాట మార్చుకుంటే మేస్త్రి పరువు పోతుంది, మార్చుకోకపోతే నేను పోతాను. మా ఆవిడ ఏమైందని అడిగితే, కూరలో ఉప్పెక్కువైందని ఆమె మీద విసుక్కున్నాను.

సాయంత్రం నాలుగింటికి ఎవరో గేటు కొట్టారు. చూస్తే మేస్త్రి. అంతకుముందు ఎన్నిసార్లు పిలిచినా మా ఇంటికి రాలేదు. రమ్మంటే అప్పుడూ లోపలికి రాలేదు, గేటు బయటే నిలబడ్డాడు.

"తమ్మీ, నాది వద్దు. మిషన్‌దే పెట్టుకో" అన్నాడు.

"ఏమైంది మేస్త్రి గారూ?"

"రెండో తొవ్వ కాడ జర ఎక్కువ గీకిన. బుడగలు రాలె. గానీ గోడ ఎంత మిగిలిందో నా ఏలుకు తెల్వలె. గిట్ల ఎన్నడు గాలె."

ఆ మాట వినగానే నాకు ప్రాణం లేచొచ్చింది. దాచుకోవడానికి ప్రయత్నించాను గానీ, అంత నటన నాకు ఎక్కడిది? పట్టుకున్న గేటును వదిలేసి హమ్మయ్య అని పైకే ఊపిరి వదిలాను. మేస్త్రి నన్ను ఒక్క క్షణం చూశాడు. బాధపడలేదు. మా ఆవిడ ఇచ్చిన మంచినీళ్లు తాగి, "పైలం చెల్లె" అని జాగ్రత్త చెప్పి వెళ్లిపోయాడు.

మర్నాడు పొద్దున యూనిట్ అందరూ ఉండగా ఆయనే ముందుకొచ్చాడు. "నా చెయ్యి తప్పింది సార్. మిషన్‌ది పెట్టుండ్రి" అన్నాడు, వెనకాల లైట్ల దగ్గర నిలబడ్డవాళ్లకు కూడా వినపడేలాగా. మేనేజరు నవ్వాడు. నేను తల వంచుకున్నాను. ఆ హెడ్డును మేస్త్రే బిగించాడు. బిగించే ముందు దాని దారుల్లో కూడా వేలు పెట్టి చూసి, "మంచిగ చేసింది" అన్నాడు, పక్క షెడ్డు మేస్త్రిని మెచ్చుకున్నట్టు.

ఒకసారి గట్టిగా తోలి చూద్దామని నేను కారెక్కితే, ఆయన వచ్చి పక్కన కూర్చున్నాడు.

"ఇది మీ పని కాదు కదా మేస్త్రి గారూ, దిగండి" అన్నాను.

"దీన్ని చేసినోడు గీడ లేడు గద తమ్మీ. ఆని బదులు నేను కూసుంట. తోలు."

తోలాను. నా పక్కన ఆయన రెండు చేతులూ తొడల కింద పెట్టుకుని కూర్చున్నాడు, వణుకు నాకు కనిపించకుండా. మధ్యాహ్నం షాట్ పెట్టారు. వాలు ఎక్కేటప్పుడు నా కళ్లముందు ఆకాశం తప్ప ఏమీ లేదు. కాలు లేపలేదు. కారు అవతల దిగాక నాకు తలుపు తీయడం చేతకాకపోతే ఫైట్ మాస్టరే వచ్చి తీశాడు. మీరు ఈలలు వేసింది దానికే.

ఆ తర్వాత పరిశ్రమలో మాట పాకిపోయింది. మేస్త్రికి చెయ్యి పోయిందట, ఆయన నోటితో ఆయనే ఒప్పుకున్నాడట అన్నారు. ఒక్కొక్కరే కోయంబత్తూరు దారి పట్టారు. ఆయన చెయ్యి ఇరవై ఏళ్లు నన్ను మోసిందని ఎవరికైనా నేను చెప్పాలి కదా, చెప్పలేదు. షెడ్డు మూతపడ్డ రోజున కూడా వెళ్లలేదు. ఆ గేటు దగ్గర నేను వదిలిన ఊపిరి ఆయన చూశాడన్న సిగ్గు నన్ను వెళ్లనివ్వలేదు. పండక్కి ఫోన్ చేస్తే, "కాలు మంచిగున్నదా తమ్మీ?" అని మాత్రం అడిగేవాడు.

మంగళవారం బోరబండలో వాళ్లింటికి వెళ్లేసరికి ఆయన్ని చాప మీద పడుకోబెట్టారు. చూపుడువేలు దూదిలా తెల్లగా ఉంది. గల్లీ చాలా ఇరుకు. వాకిట్లో ఆయన పాత చిన్న కారు, నేను దూకించిన రకమే, అడ్డంగా ఉంది, పాడె బయటికి రావడానికి చోటు లేదు. అమ్మాయి తాళం చెవి నా చేతిలో పెట్టింది.

"అన్నా, జర బండి పక్కకు పెడ్తవా? నాయినకు చేతగాకొచ్చినంక నేనే తోలుతున్న. ఇయ్యాల నాకు చేతులాడ్త లేవు."

మాట కలపడానికి, బండి బాగా నడుస్తోందా అని అడిగాను.

"మస్తు నడుస్తది. దీనికున్నది నాయిన చేసిన హెడ్డే గద. మీ కారు దుంకిందే, ఆ షూటింగుకు చేసింది. తొమ్మిదేండ్ల సంది ఒక్కనాడు నీళ్లు తగ్గలే. నా పిల్లలను రోజు బడికి గిండ్లనే తీసుకపోతుండె."

తర్వాత ఎప్పుడో బాగా పరీక్ష చేయించుకుని బిగించి ఉంటాడని నాకు నేను ఒక దారి వెతుక్కున్నాను.

"ఎప్పుడు బిగించాడమ్మా?" అన్నాను.

"మీ షూటింగైన తెల్లారే."

గోడ ఎంత మిగిలిందో తెలియని హెడ్డును ఏ తాతా తన మనవలెక్కే బండికి పెట్టడు. ఆయన వేలుకు అన్నీ తెలుసు. తెలియకుండా పోయింది నాకు. నేను "మేస్త్రి గారిదే" అన్నప్పుడు నా గొంతులోని వణుకు ఆయన విన్నాడు. ఆ భయంతో వాలెక్కితే చివర్లో నా కాలు లేస్తుందని గ్రహించాడు. హెడ్డులో సరిదిద్దడానికి తప్పేమీ లేదు. అందుకని తన పేరే తీసి పక్కన పెట్టాడు.

కారెక్కి తాళం తిప్పాను. ఒక్క తిప్పుకే అందుకుంది. వెనక్కి పోనిచ్చి గోడకు ఆనించి ఆపాను గానీ, ఇంజను ఆపడానికి నాకు చెయ్యి రాలేదు. డప్పులు మొదలయ్యాయి. ఆయన్ని ఎత్తుకుని నా ముందు నుంచే తీసుకెళ్లారు. అద్దంలోంచి పూలు కనిపించాయి, ఆయన ముఖం కనిపించలేదు. క్లచ్చి మీద నా కాలు ఆగకుండా కొట్టుకుంటోంది. ముందు పలకలో, ఇంజను వేడి చూపించే సూది మెల్లగా పైకి లేచింది. సరిగ్గా మధ్యకు, ఉండవలసిన చోటికి వచ్చి, అక్కడే కదలకుండా నిలబడింది.